ఎదురుచూడగలిగే శక్తి

చదువు పూర్తయ్యే వేళకో, ఉద్యోగంలో చేరిన రెండు మూడేళ్లకో మన యువతీయువకులను ఒక ప్రశ్న పట్టుకుంటుంది. జీతం వచ్చే పని చూసుకోవాలా, మనసు కోరే పని చేయాలా? ఇంట్లో పెద్దలు మొదటిది చేయమంటారు. వేదికలెక్కి స్ఫూర్తి మాటలు చెప్పేవారు రెండోది చేయమంటారు. ఇద్దరూ మేలు కోరే చెబుతారు. కానీ ఇద్దరి మాటల్లోనూ ఒకే ఊహ ఉంది: డబ్బు వైపు వెళ్తే సంతోషం పోతుందని, సంతోషం వైపు వెళ్తే డబ్బు పోతుందని. నా దృష్టిలో ఆ ఊహే తప్పు. ఆర్థిక నిలకడ సంతోషానికి పోటీ కాదు. నచ్చిన పనిలో కుదురుకునేదాకా ఎదురుచూసే శక్తిని, నచ్చని షరతులను కాదనే ధైర్యాన్ని ఇచ్చేది అదే. ఈ మాట ఎంతవరకు నిజమో తేల్చుకోవడానికి ఫిల్మ్ నగర్‌ను మించిన చోటు తెలుగునాట లేదు.

జూబ్లీహిల్స్ పక్కన ఫిల్మ్ ఛాంబర్, రామానాయుడు స్టూడియో ఉన్న ఫిల్మ్ నగర్‌కూ, అవకాశాల కోసం వచ్చినవాళ్లు ఇరుకు గదులు పంచుకుని బతికే కృష్ణానగర్‌కూ మధ్య దూరం పెద్దదేం కాదు. ఆ దూరం దాటడానికి మాత్రం కొందరికి పదేళ్లు పడుతుంది, కొందరు ఎన్నటికీ దాటలేరు. ఇక్కడ జూనియర్ ఆర్టిస్టుకు, లైట్‌మన్‌కు షూటింగ్ ఉన్న రోజే కూలి. అసిస్టెంట్ డైరెక్టర్ ఆదాయం సినిమాతో మొదలై సినిమాతో ఆగిపోతుంది. 2020 మార్చిలో షూటింగులు ఆగినప్పుడు చిరంజీవి ఆధ్వర్యంలో కరోనా క్రైసిస్ ఛారిటీ సినీ కార్మికుల ఇళ్లకు నిత్యావసరాలు చేర్చవలసి వచ్చింది. 2025 ఆగస్టులో కార్మికులు 30 శాతం వేతన పెంపు కోరుతూ పని ఆపారు. ఒకప్పుడు మద్రాసులో విజయా వంటి సంస్థలు నటులను, సాంకేతిక నిపుణులను నెలజీతాల మీద పెట్టుకునేవి. నాడు సంస్థ మోసిన అనిశ్చితిని నేడు మనిషి ఒంటరిగా మోస్తున్నాడు. కాంట్రాక్టు కొలువులు పెరుగుతున్న ఈ రోజుల్లో ఇది సినిమావాళ్ల సమస్య మాత్రమే కాదు. సంస్థ ఇవ్వని నిలకడను ఎవరికి వారు సమకూర్చుకోవలసిందే.

సమకూర్చుకున్నవాళ్లు ఈ పరిశ్రమలోనే కనిపిస్తారు. కోట శ్రీనివాసరావు స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేస్తూ నాటకాలు ఆడారు. బ్రహ్మానందం అత్తిలిలో తెలుగు లెక్చరర్‌గా పాఠాలు చెప్పారు. ‘సిరివెన్నెల’ సినిమా 1986లో ఇంటిపేరుగా మారకముందు సీతారామశాస్త్రి టెలిఫోన్స్ శాఖ ఉద్యోగి. శేఖర్ కమ్ముల అమెరికాలో కంప్యూటర్ రంగంలో పనిచేసి, తర్వాత సినిమా చదువుకుని, 2000లో వచ్చిన ‘డాలర్ డ్రీమ్స్’తో జాతీయ పురస్కారం అందుకున్నారు. వీరి ప్రతిభ ఉద్యోగం వల్ల పుట్టిందని అనలేం. అయితే ఆ ప్రతిభకు పదును పెట్టుకునే కాలమంతా వీరి కాళ్లకింద నేల ఉంది. గెలిచినవాళ్ల కథలే మన చెవిన పడతాయి కాబట్టి ఈ పేర్లే రుజువని చెప్పను. జోసెఫ్ రాఫీ, జీ ఫెంగ్ అనే పరిశోధకులు అమెరికాలో వ్యాపారం మొదలుపెట్టినవారిని పరిశీలించి 2014లో ఫలితాలు ప్రకటించారు. ఉన్న ఉద్యోగంలో కొనసాగుతూ వ్యాపారం ఆరంభించి తర్వాత పూర్తిగా అందులోకి మారినవారు, మొదటే ఉద్యోగం మానేసినవారికంటే విఫలమయ్యే అవకాశం 33 శాతం తక్కువని తేలింది. సినిమా, వ్యాపారం ఒకటి కాకపోయినా, ఫలితం ఎప్పుడొస్తుందో తెలియని పని కావడంలో రెండూ ఒకటే.

డబ్బుకు కటకట ఏర్పడితే జేబుతో పాటు ఆలోచన కూడా దెబ్బతింటుంది. తమిళనాడు చెరకు రైతుల మీద జరిగిన అధ్యయనం ఒకటి 2013లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. పంట చేతికి రాకముందు, అప్పులూ తాకట్లూ ఎక్కువగా ఉన్న సమయంలో పెట్టిన మేధా పరీక్షల్లో, పంట సొమ్ము వచ్చాక పెట్టిన పరీక్షలకంటే అదే రైతులు వెనకబడ్డారు. వారి తెలివి మారలేదు, దాని మీద పడిన భారం మారింది. అద్దె కట్టాల్సిన తేదీ దగ్గరపడిన రచయిత మంచి కథ ఎలా ఆలోచించగలడు? తన సన్నివేశం మరొకరి పేరుతో తెర మీదికి వెళ్తున్నా, ఇచ్చిన నాలుగు డబ్బులు పుచ్చుకుని ఊరుకుంటాడు. ఆకలి మనిషిని కళాకారుణ్ని చేస్తుందన్న నమ్మకం మన సమాజంలో చాలా పాతది. ఆకలి మనిషిని లొంగదీస్తుందన్నదే ఎక్కువ నిజం.

అలాగని సంపాదన ఉంటే చాలనడమూ పొరపాటే. ‘త్యాగయ్య’ (1946) వంటి చిత్రాలతో గొప్ప కీర్తి, పారితోషికం అందుకున్న చిత్తూరు నాగయ్య దానధర్మాలతో, చిత్రనిర్మాణ నష్టాలతో చివరి రోజులు ఇబ్బందుల్లో గడిపారు. శోభన్‌బాబు సంపాదనను జాగ్రత్తగా భూముల్లో పెట్టి, తనకు చాలనిపించినప్పుడు నటన నుంచి తప్పుకున్నారు. ఎవరు గొప్పవారన్నది ఇక్కడ ప్రశ్న కాదు. నాగయ్య దాతృత్వానికి వెల కట్టలేం. కానీ ఆదాయం వేరు, నిలకడ వేరు అని ఆ రెండు జీవితాలు స్పష్టంగా చెబుతున్నాయి. మరోవైపు, నెలనెలా పెద్ద జీతం అందుకుంటూ ఆదివారం సాయంత్రానికే దిగులుపడేవాళ్లు హైటెక్ సిటీలో తక్కువేం కాదు. ఆదాయంతో పాటు సంతోషం పెరుగుతుందా అని కానెమన్, కిల్లింగ్స్‌వర్త్, మెల్లర్స్ కలిసి చేసిన 2023 అధ్యయనంలో, ఎక్కువమందికి పెరుగుతుందని తేలింది. అయితే బాగా దుఃఖంలో ఉన్న కొందరికి ఒక స్థాయి దాటాక ఆదాయం పెరిగినా ఊరట పెరగలేదు. డబ్బు కొరతను తీరుస్తుంది. పనిలో అర్థం లేదన్న లోటును తీర్చలేదు.

ఈ వాదనకు మూడు అభ్యంతరాలు వినిపిస్తాయి. ఉద్యోగం చేస్తూ కల కంటే మనసు సగమే పెడతామని, ఎన్టీఆర్ సబ్‌రిజిస్ట్రార్ ఉద్యోగం వదిలి రాలేదా అని మొదటిది. వదిలారు, నిజమే. కానీ ఆయన చేతిలో డిగ్రీ ఉంది. 1949లో ‘మనదేశం’తో తెర మీదికి వచ్చిన కొద్దికాలానికే విజయా సంస్థ నెలజీతం ఆసరా దొరికింది. ఆ ధైర్యాన్ని మెచ్చుకునేటప్పుడు ఆ ఆసరానూ లెక్కలో వేయాలి. ఉద్యోగపు సుఖం మరిగితే ఇక కదలమన్నది రెండో అభ్యంతరం. ఇది బలమైనదే. అందుకే నిలకడకు గడువు ఉండాలి: ఇంత సొమ్ము కూడాక, ఈ సంవత్సరానికి అడుగు వేస్తానని ముందే రాసుకోవాలి. జీతంతో పాటు కారు వాయిదా, ఇంటి వాయిదా పెంచుకుంటూ పోతే ఆ గడువు ఎప్పటికీ రాదు. మూడోది అన్నిటికంటే న్యాయమైనది: ఏ ఆసరా లేని పల్లెటూరి పిల్లవాడికి ఈ లెక్కలన్నీ ఎక్కడివి? అతనికే ఇవి ఎక్కువ అవసరం అంటాను. డబ్బున్న ఇంటి బిడ్డ తప్పు చేసినా తట్టుకోగలడు, అతను తట్టుకోలేడు. 24 క్రాఫ్ట్స్ (పని విభాగాలు) ఉన్న సినీ పరిశ్రమలో ఎడిటింగ్, సౌండ్, గ్రాఫిక్స్ వంటి ఏదో ఒక పని చేతికి వస్తే, నటన, దర్శకత్వం కోసం ఎదురుచూసే రోజుల్లోనూ అది అన్నం పెడుతుంది. అయితే బాధ్యతంతా అతని మీదే వేయడం అన్యాయం. చేసిన పనికి సమయానికి డబ్బు ఇవ్వడం, రాసినవాడి పేరు వేయడం నిర్మాణ సంస్థల కనీస ధర్మం.

కాబట్టి జీతమా, ఇష్టమా అని కాకుండా, ఇష్టమైన పనిలో ఎంతకాలం నిలబడగలను అని అడగండి. ఏడాది ఖర్చుకు సరిపడా సొమ్ము పక్కన పెట్టండి. అప్పుతో కల మొదలుపెట్టకండి. మీరు కోరుకుంటున్నది ఆ పనినా, ఆ పని తెచ్చే పేరునా అన్నది నిజాయితీగా తేల్చుకోండి. పేరు రాకపోయినా చేయాలనిపించే పని అయితే దాని కోసం ఓపికగా సంపాదించండి, పొదుపు చేయండి, గడువు రాగానే వెనుకాడకుండా కదలండి. తల్లిదండ్రులకూ ఒక మనవి: పిల్లల కలను కాదనకండి, దానికి ఎంత కాలం, ఎంత సొమ్ము కావాలో వాళ్లతో కలిసి కూర్చుని లెక్క వేయండి.