దేవతలు ఎందఱు? దైవ మొక్కటేనా?

తిరుమలకు వచ్చు యాత్రికుడు కొండ దిగి తన యూరు చేరులోపల ఎందఱు దేవతలకు చేతులు జోడించునో లెక్కించి చూచిన ఆశ్చర్యము కలుగును. స్వామిపుష్కరిణీ తీరమున ముందుగా వరాహస్వామిని దర్శించును. ఆనందనిలయమున శ్రీనివాసుని సేవించును. మహాద్వారమున కెదురుగా నున్న బేడి ఆంజనేయస్వామికి నమస్కరించును. క్రిందికి దిగి తిరుచానూరున పద్మావతీ అమ్మవారిని, తిరుపతిలో గోవిందరాజస్వామిని, కపిలతీర్థమున కపిలేశ్వరుని దర్శించును. ఇల్లు చేరిన పిదప పొలిమేరలోని గ్రామదేవతకు మ్రొక్కు చెల్లించుటయు మఱచిపోడు.

ఇట్టి యింటిలో పుట్టిన బాలుడు ఒకనాడు, "దేవుడొక్కడే యని చెప్పుదురు గదా! మనము ఇంతమందికి మ్రొక్కుట యేల?" అని ప్రశ్నించిన, పెద్దలు సాధారణముగా "అందఱు దేవుళ్లును ఒక్కటే నాయనా" అని ఊరకుందురు. ఆ మాట అసత్యము కాదు. కాని అది యెట్లు సత్యమో తెలియనిచో దానివలన మనస్సునకు బలము చేకూరదు. ఏలయనగా ఈ ప్రశ్న వట్టి తర్కమునకు సంబంధించినది కాదు, శరణాగతికి సంబంధించినది. రక్షకు డొకడే యని నమ్మినవాడు తన భారమును అతని పాదములపై నుంచి నిశ్చింతగా నిద్రించును. రక్షకులు పలువురని తలచువాడు, ఒకరికి మ్రొక్కిన మఱియొకరికి కోపము వచ్చునేమో యని జీవితమంతయు భయపడుచుండును. కావున శాస్త్రము ఈ విషయమున ఏమి చెప్పినదో ప్రతి గృహస్థుడును తెలిసికొనవలసియున్నది.

యాజ్ఞవల్క్యుని లెక్క

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. బృహదారణ్యకోపనిషత్తు మూడవ అధ్యాయమున జనక మహారాజు సభ వర్ణింపబడినది. కొమ్ములకు బంగారము కట్టిన వేయి గోవులను నిలిపి, మీలో బ్రహ్మిష్ఠుడైనవాడు వీనిని తోలుకొని పోవచ్చునని జనకుడు ప్రకటించెను. యాజ్ఞవల్క్యుడు వానిని తోలింపగా పండితులు ఒక్కొక్కరుగా లేచి ప్రశ్నలు వేసిరి. వారిలో విదగ్ధ శాకల్యుడు, దేవతలెందఱని యడిగెను.

యాజ్ఞవల్క్యుడు వైశ్వదేవ శస్త్రమునందలి నివిత్తు ననుసరించి, మూడువందల ముగ్గురు, మూడువేల ముగ్గురు అని బదులు చెప్పెను. మొత్తము 3306 మంది. "సరే, నిజముగా ఎందఱు?" అని శాకల్యుడు మరల నడిగెను. 33 మంది యని సమాధానము. మరల ప్రశ్న, మరల సమాధానము. ఆఱుగురు, ముగ్గురు, ఇద్దఱు, ఒకటిన్నర, చివరకు ఒక్కడు.

మొదట చెప్పిన వేలమంది వేఱు దేవతలు కారు, ఆ 33 మంది యొక్క మహిమలే యని ఋషి వివరించెను. అష్టవసువులు 8, ఏకాదశ రుద్రులు 11, ద్వాదశాదిత్యులు 12, ఇంద్రుడు, ప్రజాపతి కలసి 33. లోకమున ముప్పదిమూడు కోట్ల దేవతలను వాడుకకు ఈ సంఖ్యయే మూలము. కోటి యను పదమునకు వర్గమను అర్థమును చెప్పి, ఇవి ముప్పదిమూడు తెగలే యని వివరించు పెద్దలును కలరు. ఆఱుగురనగా అగ్ని, పృథివి, వాయువు, అంతరిక్షము, ఆదిత్యుడు, ద్యులోకము. ముగ్గురనగా మూడు లోకములు. ఇద్దఱనగా అన్నము, ప్రాణము. ఒకటిన్నర యనగా వీచు వాయువు. ఆ ఒక్కడెవ్వడన్నచో ప్రాణము, అదియే బ్రహ్మము.

ఇచ్చట గమనింపదగిన విశేష మొకటి కలదు. ఋషి ముందు చెప్పిన లెక్కను తప్పని త్రోసివేయలేదు. 3306 యనుటయు సత్యమే, ఒక్కడనుటయు సత్యమే. నది యొక్క పాయలను లెక్కించువాడు పలు పాయలనును, నీటిని చూచువాడు ఒక్క నీరనును. ఇంకొక విశేషము కథ చివర నున్నది. పిదప యాజ్ఞవల్క్యుడు ఉపనిషత్తులు ప్రతిపాదించు పురుషుని గూర్చి ప్రశ్నింపగా శాకల్యుడు బదులు చెప్పలేకపోయెను. అతని శిరస్సు రాలిపడెనని శ్రుతి చెప్పుచున్నది. దేవతల సంఖ్య నడుగ నేర్చినవాడు ఆ సంఖ్యకు ఆధారమైన వాని నెఱుగకపోయెను. లెక్కతోనే తృప్తిపడువారికి ఇది గొప్ప హెచ్చరిక.

కాలని గడ్డిపరక

మఱి దేవతలకు శక్తి లేదా? ఉన్నది, కాని అది వారి స్వంతము కాదు. కేనోపనిషత్తులోని కథ దీనిని చక్కగా తెలుపును. బ్రహ్మము దేవతలకు విజయమును సమకూర్చెను. దేవతలు ఆ విజయము తమదే యని గర్వించిరి. అప్పుడు వారి యెదుట ఒక యక్షరూపము సాక్షాత్కరించెను. అగ్ని దాని చెంతకు పోయి, భూమిపై నున్న సమస్తమును దహింపగలనని పలికెను. యక్షుడు ఒక గడ్డిపరక ముందుంచి దీనిని కాల్చుమనెను. అగ్ని తన బలమంతయు నుపయోగించియు కాల్చలేక మరలిపోయెను. వాయువు దానిని కదల్పలేకపోయెను. ఇంద్రుడు సమీపింపగానే యక్షరూపము అంతర్ధానమయ్యెను. ఆ స్థానమున హైమవతియగు ఉమాదేవి కనిపించి, అది బ్రహ్మమనియు, మీ విజయము ఆ బ్రహ్మము యొక్క విజయమే యనియు బోధించెను.

అగ్ని దేవుడు కాడని ఈ కథకు భావము కాదు. లోపల నుండి నడపువాడు తొలగినచో అగ్నికి గడ్డిపరక నైనను కాల్చు శక్తి లేదని భావము. బృహదారణ్యకమునందే అంతర్యామి బ్రాహ్మణమున యాజ్ఞవల్క్యుడు ఉద్దాలకునకు ఈ యంశమునే ఉపదేశించెను. భూమిలో నుండియు భూమిచే తెలియబడక, భూమియే శరీరముగా లోపల నుండి నియమించువాడే అంతర్యామి. జలము, అగ్ని, ఆదిత్యుడు, సర్వభూతములు, జీవుడు అన్నింటి విషయమునను ఇట్లే చెప్పబడినది.

శరీరము, శరీరి

1017వ సంవత్సరమున శ్రీపెరుంబూదూరున అవతరించిన భగవద్రామానుజులు ఈ అంతర్యామి శ్రుతినే తాళపుచెవిగా గ్రహించి పరస్పర విరుద్ధములుగా తోచు వేదవాక్యములను సమన్వయించిరి. వారి వేదార్థసంగ్రహము తిరుమల శ్రీనివాసుని సన్నిధిని ఉపన్యసింపబడినదని సంప్రదాయము చెప్పుచున్నది. శ్రీభాష్య ప్రారంభ శ్లోకమున పరబ్రహ్మమును శ్రీనివాస శబ్దముతోనే వారు స్మరించిరి.

వారి సిద్ధాంతమున చేతనాచేతనములన్నియు భగవంతునకు శరీరము. ఒక చేతనుడు దేనిని పూర్తిగా ధరించి, నియమించి, తన ప్రయోజనమునకే వినియోగించుకొనునో అది అతనికి శరీరము. శరీరమును చెప్పు పదము శరీరివఱకు పోవుట లోకసిద్ధమే. మనుమడు తాతగారి పాదములకు నమస్కరించును. చేతికి తగిలినది పాదములే, కాని నమస్కారము చేరినది తాతగారికి. పాదములు వేఱు, శిరస్సు వేఱు, చేతులు వేఱు అయినను తాతగారు పలువురు కారు. అట్లే ఇంద్రాది పదములు ఆయా దేవతలను చెప్పుచునే, వారియందు అంతర్యామిగా నున్న నారాయణునియందు పర్యవసించును.

కౌషీతకి ఉపనిషత్తున ఇట్టి సందేహ మొకటి కలదు. దివోదాసుని కుమారుడగు ప్రతర్దనుడు ఇంద్రలోకమునకు పోయి, మనుష్యునకు అత్యంత హితమైన దానిని నీవే వరముగా నిమ్మని కోరగా, ఇంద్రుడు తన్నే తెలిసికొనుమని చెప్పెను. ఇంద్రుడే పరబ్రహ్మమా? కాదు. బ్రహ్మసూత్రములు మొదటి అధ్యాయము మొదటి పాదమున దీనిని విచారించి, వామదేవ ఋషి తానే మనువును, సూర్యుడను అయితినని పలికినట్లు, ఇంద్రుడును శాస్త్రదృష్టితో తన యంతరాత్మను ఉద్దేశించియే అట్లు పలికెనని నిర్ణయించినవి.

ఆచార్యులందఱును ఈ విషయమును ఒకే విధముగా చెప్పలేదు. శంకర భగవత్పాదుల మతమున పరమార్థము నిర్విశేషమగు బ్రహ్మమొక్కటే. దేవతారూపములు ఉపాసనకై ఏర్పడినవి. ఆ సంప్రదాయమువారు విష్ణువు, శివుడు, శక్తి, సూర్యుడు, గణపతి అను అయిదుగురిని పంచాయతనముగా పూజింతురు. మధ్వాచార్యుల మతమున విష్ణువు సర్వోత్తముడు, తక్కిన దేవతలు నిజముగా వేఱైనవారు, తారతమ్యక్రమమున ఆయనకు దాసులు. రామానుజ మతమున దేవతలు సత్యమే, వారు భగవంతుని శరీరము. ఈ భేదములు సామాన్యములు కావు. మోక్షస్వరూపము, ఉపాసనాక్రమము వీనిని బట్టియే మాఱుచున్నవి. అయినను జగత్తునకు మూలమైన పరతత్త్వము రెండని చెప్పినవారు ఈ ముగ్గురిలో ఒక్కరును లేరు.

ఐదు మూర్తులు, ఒక్క స్వామి

పైని చెప్పిన సిద్ధాంతము కఠినముగా తోచినచో తిరుమల ఆలయమునందే దానికి సులభమైన దృష్టాంతము కలదు. వైఖానసాగమ విధిని అచ్చట పంచబేరములు ఆరాధింపబడుచున్నవి. ధ్రువబేరము మూలమూర్తి. కౌతుకబేరమగు భోగశ్రీనివాసమూర్తి నిత్యాభిషేకమును, ఏకాంతసేవను అందుకొనును. బలిబేరమగు కొలువు శ్రీనివాసమూర్తి దినదినము కొలువుదీరి పంచాంగ శ్రవణమును, ఆదాయపు లెక్కలను ఆలకించును. ఉత్సవబేరమగు మలయప్పస్వామి ఉభయ దేవేరులతో వాహనము లెక్కి తిరువీథులకు వేంచేయును. స్నపనబేరమగు ఉగ్రశ్రీనివాసమూర్తి కైశికద్వాదశినాడు సూర్యోదయమునకు ముందే ఊరేగి ఆలయమునకు మరలును.

బ్రహ్మోత్సవములలో మలయప్పను సేవించి వచ్చినవాడు, నేను ఐదుగురు స్వాములలో ఒకరిని చూచితినని చెప్పునా? వేంకటేశ్వరుని చూచితిననియే చెప్పును. కొండకు రాలేని ముసలివారిని అనుగ్రహించుటకు స్వామి వీథికి వచ్చెను. రూపములు పెరిగినది ఆయన యొకనికంటె నెక్కు వగుటవలన కాదు, ఆయన దయ యొక్కచోట నిలువలేకపోవుటవలన.

పేయాళ్వారు తిరుమల స్వామియందు జటలను కిరీటమును, గొడ్డలిని చక్రమును ఒక్కచోట దర్శించి, రెండు రూపములును ఒకటిగా కలసియున్నవని పరవశించి గానము చేసెను. 1408 మొదలు 1503 వఱకు జీవించిన అన్నమాచార్యులవారును ఒక ప్రసిద్ధ సంకీర్తనమున వైష్ణవులు, వేదాంతులు, శైవులు, కాపాలికులు, శాక్తేయులు ఎవరి తలంపు ననుసరించి వారికి స్వామి యట్లే తోచుచున్నాడని చెప్పిరి. కొఱత స్వామియందు లేదు, తలచువాని పరిమితి యందే కలదు. అయితే అన్నమయ్య అంతటితో ఆగలేదు. అందఱికిని ఆయనయే యైనను, తమ్ము చేపట్టిన దైవము వేంకటపతియే కావున ఆయన శరణమే తనకు పరతత్త్వమని ముగించిరి. ఔదార్యమును, అనన్యతయును ఒక్క హృదయమున ఎట్లు కలసియుండవలెనో ఈ ముగింపు బోధించుచున్నది.

గజేంద్రుని మొఱ

బమ్మెర పోతనామాత్యుడు వీరభద్రవిజయమును రచించిన శివభక్తుడు. గంగాతీరమున మహేశ్వరుని ధ్యానించుచుండగా తనకు శ్రీరామభద్రుడు సాక్షాత్కరించి భాగవతమును తెనిగింపుమనెనని ఆయనయే భాగవత పీఠికలో చెప్పుకొనెను. శివుని ధ్యానమునందుండగా రాముడు వచ్చుటను ఆయన అపచారముగా తలపలేదు, అనుగ్రహముగా గ్రహించెను.

అట్టి పోతన చేతిలో గజేంద్రమోక్షణ ఘట్టము ఈ ప్రశ్నకే సమాధానమైనది. మొసలి పట్టున చిక్కిన గజరాజు ఏ దేవత పేరును పట్టి పిలువలేదు. ఈ జగత్తు ఎవనివలన పుట్టి, ఎవనియందు నిలిచి, ఎవనియందు లయించునో వానిని శరణు వేడెను. బ్రహ్మాదులు విశ్వమంతయు నిండినవారు కాకపోవుటచే విని యూరకుండిరి. విశ్వమయుడగు విష్ణువు పరుగెత్తి వచ్చెను. ప్రాణము పోవు వేళ జీవునకు కావలసినది దేవతల పట్టిక కాదు, వచ్చి చేయిపట్టువాడు. అట్టివాడు ఒక్కడే యున్నాడను నమ్మకమే ఏకదైవ సిద్ధాంతమునకు ఫలము.

గృహస్థునకు కర్తవ్యము

భగవద్గీత సప్తమ, నవమాధ్యాయములలో భగవానుడు ఈ విషయమును తేల్చి చెప్పెను. అన్యదేవతలను శ్రద్ధతో పూజించువారును తన్నే పూజించుచున్నారు, కాని అది విధిపూర్వకము కాదు. ఆ శ్రద్ధను స్థిరపఱచువాడు తానే, ఆ ఫలము నిచ్చువాడును తానే. అయితే ఆ ఫలము అంతము కలది. భాగవత చతుర్థస్కంధమున నారదుడు ప్రచేతసులకు చెప్పిన ఉపమానమును ఇట స్మరింపదగును. చెట్టు మొదట నీరు పోసిన కొమ్మలన్నియు తృప్తినొందునట్లు అచ్యుతుని పూజ సర్వదేవతలకును పూజ యగును.

దీనివలన మూడు నియమములు ఏర్పడుచున్నవి. మొదటిది, సంధ్యావందనాది నిత్యకర్మలను విడువరాదు. సూర్యున కర్ఘ్య మిచ్చునపుడు సూర్యమండల మధ్యవర్తియగు నారాయణుని స్మరింపవలెను. రెండవది, కోరికకొక దేవత చొప్పున పరుగెత్తరాదు. వ్యాధి తగ్గకున్న ఒకరిని విడిచి మఱియొకరిని ఆశ్రయించుట భక్తి కాదు, బేరము. మూడవది, ఏ దేవతను నిందింపరాదు. శివుని అవమానించిన దక్షుని యజ్ఞము ధ్వంసమయ్యెను. తుదకు ఆ యజ్ఞవాటికకు వేంచేసిన నారాయణుడే భేదబుద్ధి తగదని దక్షునకు బోధించెను.

కోడలు తన పుట్టినింటి దైవమును తలచుకొని దీపము పెట్టినచో అత్తవారు ఆ దీపమును ఆర్పవలసిన పనిలేదు. ఆ జ్యోతి ఎవరికి చేరునో తెలిసిన ఇంటిలో కలహమునకు తావులేదు. పతివ్రత అత్తమామలను, మఱదులను గౌరవించుటవలన ఆమె పాతివ్రత్యమునకు లోపము రాదు గదా! అట్లే సర్వదేవతలయందు గౌరవమును, శ్రియఃపతియందే శరణాగతిని నిలుపుకొనుట వైష్ణవ గృహస్థునకు శోభ.

కావున బాలుడు మరల ప్రశ్నించినపుడు పెద్దలు ధైర్యముగా ఇట్లు చెప్పవచ్చును: "నాయనా! దేవతలు అనేకులు, వారందఱిలో నుండి మన నమస్కారము నందుకొనువాడు ఒక్కడు. ఆ యొక్కడే మనకొఱకు ఏడుకొండలపై నిలిచియున్నాడు." ఆ శ్రీనివాసుడు మనకందఱకును అచంచలమైన భక్తిని, పరులయెడ ద్వేషము లేని బుద్ధిని ప్రసాదించుగాక!