పటాలంలో పనిచేసిన తాతను కాగితాల్లో వెతికే దారి

గోదావరికి ఇటు బూర్గంపాడు, పాల్వంచ, అటు భద్రాచలం, కూనవరం. ఈ ఊళ్లలో ఎవరింట్లోనైనా ముత్తాత పటాలంలో పనిచేశాడన్న మాట మిగిలి ఉంటే, దాన్ని అంతటితో వదిలేయకండి. రంగం (రంగూన్) పోయాడని ఒకరు, నిజాం ఫౌజులో ఉన్నాడని ఇంకొకరు చెబుతారు. రెండింట్లో ఏది నిజమో తేల్చే కాగితం ఎక్కడో ఉండే అవకాశం ఉంది. దాన్ని చేరడానికి పనులు ఒక వరుసలో చేయాలి. వరుస తప్పితే సంబంధం లేని ఆఫీసుకు ఉత్తరాలు రాస్తూ కూర్చోవాల్సి వస్తుంది.

1. ముందు ఇల్లు వెతకండి

ట్రంకు పెట్టె, అటక, దేవుడి గూడు చూడండి. డిశ్చార్జి బుక్కు, పింఛను ఆర్డరు, మనియార్డరు రసీదులు, యూనిఫాంలో దిగిన ఫొటో, పతకం... వీటిలో ఏది దొరికినా మేలే. అన్నింటికన్నా విలువైనది సర్వీసు నంబరు.

పతకం దొరికితే చింతపండుతో తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. మెత్తని గుడ్డతో తుడిచి, అంచును భూతద్దంతో చూడండి. మొదటి ప్రపంచ యుద్ధ పతకాల అంచున నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. రెండో యుద్ధంలో బ్రిటన్ సైనికులకు పేర్లు లేకుండా ఇచ్చినా, భారత సైనికుల పతకాల మీద చెక్కారు. మొదటి యుద్ధపు బ్రిటిష్ వార్ మెడల్ సాధారణంగా వెండిది. కంచుది దొరికితే మీ ముత్తాత లేబర్ కోర్‌లో పనిచేసి ఉండొచ్చు. రోడ్లు వేసినా, సామాన్లు మోసినా అదీ యుద్ధ సేవే.

2. అప్పుడు ఊరు ఎవరి పాలనలో ఉందో తేల్చండి

ఈ సరిహద్దులో చాలా వెతుకులాటలు దారి తప్పేది ఇక్కడే. భద్రాచలం తాలూకాను నిజాం 1860లో బ్రిటిష్‌వాళ్లకు అప్పగించాడు. కొంతకాలం సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీ గోదావరి జిల్లాలోకి వచ్చింది. ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లోనే. బూర్గంపాడు, పాల్వంచ ఉన్న ఒడ్డు మాత్రం 1948 దాకా నిజాం రాజ్యం. ఖమ్మం అసలు జిల్లానే కాదు, 1953 వరకు వరంగల్ జిల్లాలో భాగం.

కాబట్టి 1943లో చేరిన భద్రాచలం మనిషిని ‘తూర్పు గోదావరి, మద్రాసు’ కింద, పాల్వంచ మనిషిని ‘వరంగల్, హైదరాబాద్ సంస్థానం’ కింద వెతకాలి. సికింద్రాబాద్ బ్రిటిష్ కంటోన్మెంటు గనుక నిజాం వైపు మనిషి అక్కడ భారత సైన్యంలో చేరి ఉండే వీలూ ఉంది.

3. ‘హైదరాబాద్’ పేరు దగ్గర ఆగి చూడండి

19వ హైదరాబాద్ రెజిమెంటు నిజాం సైన్యం కాదు. అది బ్రిటిష్ ఇండియా సైన్యంలోది. 1945లో కుమావోన్ రెజిమెంటుగా పేరు మారింది, కేంద్రం రాణీఖేత్. నిజాం సొంత దళాలు వేరు. వాటిలో 1వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ 1941 డిసెంబరులో మలయాలోని కోట భారు విమానాశ్రయం కాపలాలో ఉంది. నిజాం దళాలు 1948 సెప్టెంబరులో తమ సేనాధిపతి జనరల్ ఎద్రూస్ నాయకత్వంలో భారత సైన్యానికి లొంగిపోయాయి.

4. రికార్డ్స్ ఆఫీసుకు రాయండి

భారత సైన్యం అయితే ఏ దళం కాగితాలు ఆ దళం రికార్డ్స్ ఆఫీసులో ఉంటాయి. మద్రాస్ రెజిమెంటుకు నీలగిరుల్లోని వెల్లింగ్టన్, మద్రాస్ సాపర్స్‌కు బెంగళూరు, ఫిరంగి దళానికి నాసిక్ రోడ్, సిగ్నల్స్‌కు జబల్‌పూర్, యంత్రాల మరమ్మతు దళమైన ఈఎంఈకి సికింద్రాబాద్. నంబరు, పేరు, తండ్రి పేరు, ఊరు, పాత తాలూకా, పాత జిల్లా, చేరిన కాలం రాసి, మీ బంధుత్వం చూపే పత్రం జతచేయండి. ఇంగ్లిష్‌లో పేరు ఎన్ని రకాలుగా రాసే వీలుందో అన్నీ ఇవ్వండి. పింఛను తీసుకున్న కుటుంబమైతే సైనిక సంక్షేమ కార్యాలయంలో కూడా అడగండి.

పింఛను రానివారి సర్వీసు పత్రాలను నిబంధన ప్రకారం 25 ఏళ్ల తర్వాత తీసేస్తారు. ఆ జవాబు వచ్చిందని నిరాశపడకండి. ‘లాంగ్ రోల్’లో నమోదు ఉందేమో చూడమని విడిగా కోరండి. పేరు, నంబరు, చేరిన తేదీ, విడుదలైన తేదీ ఆ రిజిస్టరులో మిగిలి ఉండొచ్చు.

5. తిరిగి రాకపోతే

కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో ఉచితంగా వెతకొచ్చు. రెండు యుద్ధాల్లో చనిపోయిన భారతీయుల పేర్లు అందులో ఉన్నాయి. సిపాయిలతో పాటు వంటవాళ్లు, కంచరగాడిదలు తోలినవాళ్లూ ఉన్నారు. కొన్ని నమోదుల్లో తండ్రి పేరు, ఊరు కూడా దొరుకుతాయి. బర్మాలో సమాధి తెలియని దాదాపు 27,000 మంది పేర్లు రంగూన్ స్మారకం మీద చెక్కారు. ఇంటిపేరుతో కాక సొంత పేరుతో వెతకండి.

6. నిజాం ఫౌజు అయితే

హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. నిజాం కాలపు కాగితాలు ఎక్కువగా ఉర్దూలో, వాటిలో బాగా పాతవి ఫారసీలో ఉంటాయి. ఉర్దూ చదివేవారిని వెంట తీసుకెళ్లండి. తేదీలు ఫసలీ అనే పాత రెవెన్యూ సంవత్సరాల లెక్కలో ఉంటాయి. నిజాం ఫసలీ అక్టోబరులో అజూర్ నెలతో మొదలయ్యేది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలిపితే ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది. 1357 ఫసలీ అంటే 1947 అక్టోబరు నుంచి 1948 అక్టోబరు దాకా. మద్రాసు వైపు ఫసలీ జులైలో మొదలయ్యేది గనుక భద్రాచలం కాగితాలకు ఈ లెక్క వాడకండి.

7. ఒక పేజీగా రాయండి

దళం తెలిశాక ఆ దళం యుద్ధ డైరీ వెతకొచ్చు. లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో రెండో యుద్ధంలో బర్మాలో పోరాడిన దళాల డైరీలు ఉన్నాయి. మామూలు సిపాయి పేరు వాటిలో అరుదు, కానీ ఏ రోజు దళం ఎక్కడుందో తెలుస్తుంది.

చివరికి తేదీ, సంగతి, ఆధారం అని మూడు గళ్లు గీయండి. కాగితం చెప్పింది, ఇంట్లో విన్నది వేరువేరుగా రాయండి. తెలియని గడిని ఖాళీగా ఉంచండి. ఊహతో నింపితే రేపు మనవలు దాన్నే నిజమనుకుంటారు. ఆ పేజీ నకలు మేనత్తల ఇళ్లకు, బాబాయిల ఇళ్లకు పంపండి. మీ గడిలోని ఖాళీని పూరించే రసీదో ఫొటోనో వాళ్ల పెట్టెలో ఉండొచ్చు.