పొట్ట పెద్దగా ఉంటే కవలలేనా?

గర్భిణీల ఓపీ బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళ మాటలు కాసేపు వింటే ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. "ఎన్నో నెల?" "అయిదు వెళ్ళి ఆరు." "అమ్మో, చూస్తే ఎనిమిదిలా ఉందే! ఇద్దరేమో, ఒకసారి చూపించుకో." ఆ మాటతో ఆ అమ్మాయికి సగం సంతోషం, సగం భయం. ఇంటికి వెళ్ళి దర్జీ టేపుతో నడుము చుట్టూ కొలుచుకుంటుంది. అదే బెంచీ మీద ఎనిమిదో నెల గర్భవతి ఒకామె ఉంటే ఆమెతో, "అస్సలు తెలియట్లేదే, నువ్వు అదృష్టవంతురాలివి" అంటారు. పెద్ద పొట్ట గురించి అందరూ మాట్లాడతారు. చిన్న పొట్ట గురించి ఎవరూ అడగరు. నిజానికి డాక్టరమ్మను ఎక్కువసార్లు ఆలోచనలో పడేసేది ఆ రెండో పొట్టే.

ముందుగా, కొలిచేది ఏమిటో తెలుసుకుందాం. సిస్టర్ కొలిచేది పొట్ట చుట్టుకొలత కాదు, గర్భసంచి ఎత్తు. చుట్టుకొలతలో కొవ్వు ఉంటుంది, గ్యాసు ఉంటుంది, పొద్దున తిన్న ఇడ్లీ కూడా ఉంటుంది. అందుకే బొడ్డు చుట్టూ టేపు వేసి కవలలని గానీ ఒక్కరేనని గానీ చెప్పడం కుదరదు. గర్భసంచి అలా కాదు, అది ఒక లెక్క ప్రకారం పైకి ఎదుగుతుంది. మూడో నెల నిండేసరికి, అంటే 12 వారాలకు, పొత్తికడుపు కింద ముందువైపు తగిలే ఎముకకు కాస్త పైన చేతికి అందుతుంది. 20 నుంచి 24 వారాల మధ్య బొడ్డు దాకా వస్తుంది. 36 వారాలకు రొమ్ము ఎముక చివర దగ్గరకు చేరుతుంది. ఆ తరువాత బిడ్డ తల కిందికి దిగితే ఎత్తు కొద్దిగా తగ్గుతుంది. అప్పటిదాకా ఆయాసపడిన తల్లికి ఊపిరి తేలికవుతుంది. "పొట్ట జారింది" అని పెద్దవాళ్ళు అనేది దీన్నే. నెలలు నిండాక ఇది మామూలే.

కొలిచే ముందు మూత్రానికి వెళ్ళి రమ్మంటారు. చాలామంది సిగ్గుపడి "అవసరం లేదులెండి" అని పడుకుంటారు. మూత్రసంచి నిండుగా ఉంటే గర్భసంచి పైకి నెట్టినట్టయి రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి సిగ్గు వద్దు, వెళ్ళి రండి. తరువాత వెల్లకిలా పడుకోబెట్టి, అరచేతి అంచుతో గర్భసంచి పైఅంచు ఎక్కడుందో వెతికి, అక్కడి నుంచి కింది ఎముక దాకా టేపు పెడతారు. కొందరు సిస్టర్లు అంకెలున్న వైపు కిందికి తిప్పి పెట్టి, కొలిచాకే తిప్పి చూస్తారు. ఇన్ని వారాలు కాబట్టి ఇంతే రావాలి అని కన్ను ముందే నిర్ణయించుకోకుండా ఉండడానికి అది మంచి అలవాటు. 24 వారాలు దాటాక సెంటీమీటర్ల అంకె సుమారుగా వారాల అంకెతో సమానంగా ఉంటుంది. 28 వారాలకు 28, 32 వారాలకు 32. రెండు అటూ ఇటూ అయితే ఫరవాలేదు. మూడు తేడా వస్తే మళ్ళీ చూస్తారు, కారణం వెతుకుతారు.

ఇందులో టేపు కంటే ముందు సరిగ్గా ఉండవలసింది తేదీ. వారాలు లెక్కపెట్టేది ఆఖరి బహిష్టు మొదలైన రోజు నుంచి. ఆ రోజుకు 7 రోజులు కలిపి, 9 నెలలు ముందుకు వెళితే కాన్పు తేదీ అంచనా వస్తుంది. జనవరి 10న బహిష్టు మొదలైతే అక్టోబరు 17. తేదీ గుర్తులేని వారిని మేము పండుగలతో అడుగుతాం. సంక్రాంతికి ముందా, తరువాతా? ఈస్టరు ఆదివారానికి స్నానమైందా? ఇలా అడిగితే చాలామందికి గుర్తొస్తుంది. అయితే ఒక చిక్కుంది. గర్భం నిలిచాక కూడా కొందరికి కొద్దిగా ఎరుపు కనబడుతుంది. దాన్నే బహిష్టు అనుకుంటే లెక్క ఒక నెల వెనకబడుతుంది. తన లెక్కలో 24 వారాలైన తల్లికి టేపు 28 చూపించిందనుకోండి. ఇంట్లో కవలలని సంబరం మొదలవుతుంది. స్కానింగులో ఒక్క బిడ్డే, చక్కగా 28 వారాల బిడ్డ. పొట్ట పెద్దది కాదు, లెక్క చిన్నది. పొట్ట నెలల కంటే పెద్దగా కనిపించడానికి తరచుగా ఉండే కారణం ఇదే. బహిష్టులు సక్రమంగా రానివారికి, బిడ్డకు పాలిస్తూ నెల తప్పినవారికి ఆఖరి బహిష్టు లెక్క అసలు నిలవదు. మొదటి మూడు నెలల్లో చేసే స్కానింగే వారికి గట్టి ఆధారం. ఆ కాగితాన్ని కాన్పు దాకా పారేయకండి.

తేదీ సరైనదే, అయినా ఎత్తు ఎక్కువుంటే? కవలలు కావచ్చు. 20 నుంచి 30 వారాల మధ్య కవలల తల్లికి గర్భసంచి ఎత్తు సగటున అయిదు సెంటీమీటర్ల దాకా ఎక్కువుంటుంది. కానీ కవలలు కాక ఇంకా చాలా ఉన్నాయి. ఉమ్మనీరు ఎక్కువ చేరి ఉండవచ్చు. తల్లికి షుగరు వచ్చి బిడ్డ బాగా బరువెక్కి ఉండవచ్చు. గర్భసంచిలో గడ్డలు ఉండవచ్చు. మొదటి నెలల్లోనే పొట్ట గబగబా పెరిగి, ఆగని వాంతులు, ఎరుపు కనబడడం ఉంటే అది ముత్యాల గర్భం కావచ్చు. అందులో మాయ ద్రాక్షగుత్తుల్లా పెరుగుతుంది, బిడ్డ సరిగా ఎదగదు, వెంటనే చికిత్స కావాలి. "కవలలేలే" అని ఇంట్లోనే తీర్పు చెప్పేసుకుంటే ఇవన్నీ దాగిపోతాయి. షుగరు సంగతే చూడండి. పరీక్ష చాలా సులువు. 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళు తాగించి రెండు గంటల తరువాత రక్తం చూస్తారు. 140 గానీ అంతకు మించి గానీ ఉంటే గర్భంలో వచ్చే షుగరు అంటారు. మొదటిసారి వచ్చినప్పుడొకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మరోసారి ఈ పరీక్ష చేయించుకోవాలి. తీపి తినాలనిపించకపోయినా, ఇంట్లో ఎవరికీ షుగరు లేకపోయినా సరే.

ఇక ఏ జబ్బూ లేకుండా పొట్ట పెద్దగా కనిపించేవారూ ఉన్నారు. రెండో కాన్పు, మూడో కాన్పు అయితే పొట్ట కండరాలు వదులై ముందుకు వస్తుంది. పొట్టిగా ఉన్నవారికి బిడ్డ పైకి పెరిగే చోటు తక్కువ, ముందుకే కనబడుతుంది. పొడుగ్గా, గట్టి కండరాలతో ఉన్న తొలిచూలు అమ్మాయికి ఏడో నెల దాకా పక్కింటివారికి కూడా తెలియదు. వారిద్దరినీ పక్కపక్కన నిలబెట్టి పోల్చడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

కవలల గురించి మన ఇళ్ళలో ఉన్న నమ్మకాలు చాలా. జంట అరటిపండు తింటే కవలలు పుడతారని కొత్త కోడళ్ళ చేతిలోంచి లాక్కుంటారు. అరటిపండుకూ దీనికీ సంబంధం లేదు, హాయిగా తినండి. తల్లి నుంచి ఒక్క నెలలో రెండు అండాలు విడుదలైతే పోలిక వేరైన కవలలు కలుగుతారు. ఇది తల్లి వైపు వంశంలో నడుస్తుంది. తల్లి వయసు 35 దాటితే, పిల్లల కోసం మందులు వాడితే అవకాశం పెరుగుతుంది. ఒకే పిండం రెండుగా విడిపోతే అచ్చుగుద్దినట్టున్న కవలలు కలుగుతారు. ఇది ప్రపంచమంతటా వెయ్యి కాన్పులకు మూడు నాలుగు, దాదాపు అన్నిచోట్లా అంతే. కడుపులో ఎటు చూసినా తన్నులే కాబట్టి ఇద్దరు అనుకునేవారు కూడా ఉన్నారు. ఆదికాండంలో రిబ్కాకు కడుపులో పెనుగులాట తెలిసింది, నిజంగానే ఇద్దరున్నారు. కానీ మన తల్లుల్లో చాలామందికి ఒక్క బిడ్డే అంత పెనుగులాడుతుంది!

పూర్వం అనుభవమున్న మంత్రసాని చేతితో తడిమి మూడు గట్టి భాగాలు దొరికితే ఇద్దరని అనుమానించేది. గుండెచప్పుడు రెండు చోట్ల వేర్వేరు వేగాలతో వినబడినా అంతే. అయినా ఎందరో తల్లులకు మొదటి బిడ్డ పుట్టాకే "లోపల ఇంకొకరున్నారు" అని తెలిసేది. 1958లో గ్లాస్గో డాక్టరు ఇయాన్ డొనాల్డ్, ఆయన తోటివారు శబ్ద తరంగాలతో గర్భాన్ని చూడడం గురించి ప్రకటించాక, నెమ్మదిగా ఆ పద్ధతి అన్ని దేశాలకూ వచ్చింది. ఈనాడు కవలలా కాదా అన్నది తేల్చేది స్కానింగే. టేపు అడుగుతుంది, స్కానింగు జవాబు చెబుతుంది.

11 నుంచి 13 వారాల మధ్య స్కానింగు ఎందుకంత ముఖ్యమంటే, అప్పుడు ఇద్దరున్నారని మాత్రమే కాదు, ఇద్దరికీ ఒకే మాయా, చెరొక మాయా అన్నది కూడా తేటగా కనబడుతుంది. తరువాత చూస్తే చెప్పడం కష్టమవుతుంది. ఒకే మాయ అయితే ఒక బిడ్డ రక్తం రెండో బిడ్డకు ఎక్కువగా పోయే ప్రమాదముంది. అప్పుడు ఒకరి చుట్టూ నీరు విపరీతంగా చేరి, తల్లి పొట్ట కొద్ది రోజుల్లోనే బిగుసుకుని పెరుగుతుంది. అందుకే ఒకే మాయ ఉన్న కవలలకు 16వ వారం నుంచి రెండు వారాలకొకసారి స్కానింగు చేస్తారు. అయిదో నెల టిఫా స్కాన్ ఒక్కటి చేయించుకుంటే చాలులే అనుకునే కుటుంబాలు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. స్కానింగు గదిలో కొందరు "ఒక బాబు, ఒక పాపా?" అని మెల్లగా అడుగుతారు. 1994 చట్టం ప్రకారం అది చెప్పడం నేరం, అడగడం కూడా మంచిది కాదు. మా సిస్టర్లను ఇబ్బంది పెట్టకండి.

కవలలని తేలితే చేయవలసింది దిష్టి తీయడం కాదు, కాన్పు ఎక్కడన్నది ముందే నిర్ణయించుకోవడం. కవలల్లో సగానికి పైగా 37 వారాలు నిండకముందే పుడతారు. తల్లికి రక్తహీనత, బీపీ ఎక్కువగా వస్తాయి. గర్భసంచి బాగా సాగి ఉంటుంది కాబట్టి కాన్పు తరువాత రక్తస్రావం కూడా ఎక్కువ కావచ్చు. రక్తం, ఆపరేషను వసతి, నెలలు నిండని పిల్లలను చూసే గది, ఈ మూడూ ఉన్న ఆసుపత్రే కావాలి. మీ ఊరి నుంచి అక్కడికి ఎంతసేపు పడుతుందో, రాత్రిపూట ఎవరు తోడొస్తారో ఏడో నెలలోపే మాట్లాడుకోండి. పుట్టింటికి వెళ్ళే ఆచారం ఉంటే ఆ ఊరి నుంచి కూడా లెక్క వేయండి. ఆపరేషను తప్పదని కాదు. మొదటి బిడ్డ తల కిందికి ఉండి, మిగతావన్నీ బాగుంటే మామూలు కాన్పు చాలామందికి సాధ్యమే. తల్లిపాలు ఇద్దరికీ చాలవని డబ్బాపాలు ముందే కొని పెట్టుకోకండి. బిడ్డలు తాగినకొద్దీ పాలు పడతాయి.

ఇప్పుడు ఎవరూ అడగని ఆ చిన్న పొట్ట సంగతి. ఒక కార్డు ఊహించుకోండి: 26 వారాలకు 25, 30 వారాలకు 28, 34 వారాలకు 29. మొదటి రెండు అంకెలు విడిగా చూస్తే భయపడవలసింది లేదు. కానీ ఆఖరి నాలుగు వారాల్లో పెరిగింది ఒక్క సెంటీమీటరే. బిడ్డకు మాయ నుంచి ఆహారం సరిగా అందకపోవచ్చు, ఉమ్మనీరు తగ్గి ఉండవచ్చు, తల్లికి బీపీ మొదలై ఉండవచ్చు. బిడ్డ అడ్డంగా ఉన్నా ఎత్తు తక్కువే వస్తుంది. స్కానింగు చేస్తే తేలుతుంది. ఒక్కసారి కొలిచిన అంకెలో ఇది కనబడదు, వరుసగా రాసిన అంకెల్లోనే కనబడుతుంది. ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ చూపించుకుంటూ ప్రతిచోటా కొత్త కార్డు రాయించుకునే తల్లికి ఈ మేలు దక్కదు. ఇంకొక మాట పెద్దమ్మలతో చెప్పాలి. బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమని చివరి నెలల్లో కోడలికి అన్నం తగ్గించకండి. తిండి తగ్గిస్తే కాన్పు సులువు కాదు, బిడ్డ బలహీనపడుతుంది. ఐరను మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందన్న మాట కూడా నిజం కాదు.

పొట్ట రెండు మూడు రోజుల్లో హఠాత్తుగా పెరిగి ఆయాసం వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా, నెలలు నిండకముందే నొప్పులు గానీ నీరు పోవడం గానీ మొదలైనా, రక్తం కనబడినా, తలనొప్పితో కళ్ళు మసకలు కమ్మినా తరువాతి చెకప్ దాకా ఆగకండి. 108కి ఫోను చేసి వెంటనే రండి.

మామూలు చెకప్‌కు వచ్చేటప్పుడు మాతా శిశు కార్డు, మొదటి స్కానింగు కాగితం తెచ్చుకోండి. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణీలకు ఉచితంగా పరీక్షలు చేస్తారు, అక్కడ చూపించుకున్నా అదే కార్డు తీసుకెళ్ళండి. సిస్టర్ టేపు తీసి మడిచేలోపే "ఎంత వచ్చిందమ్మా? పోయినసారి ఎంత?" అని అడగండి. చెప్పిన అంకె కార్డులో పడిందో లేదో చూసుకుని బల్ల దిగండి.