ఆరుద్రలో మొరాయించే కలుపు మిషన్

మృగశిరలో గింజ పడిన పత్తి ఆరుద్ర కార్తె ముగిసేలోగా తొలి కలుపుకొస్తుంది. సంగారెడ్డి జిల్లా కల్హేర్ మండలంలోని నల్లరేగడి చేలలో ఈ పనికి వాయిదా ఉండదు. వాన వెలిశాక రెండు మూడు రోజులకు పదును దొరుకుతుంది, మళ్లీ ముసురు పట్టేలోగా సాళ్ల మధ్య గుంటుక తిరిగిపోవాలి. కాడెడ్లున్న ఇళ్లు తగ్గాయి. పత్తికీ సోయాకూ పెసరకూ కూలీలు ఒకే వారంలో కావాలి. అందుకే చాలామంది రైతులు కలుపు తీసే పవర్ వీడర్‌ను నమ్ముకున్నారు. సరిగ్గా అవసరమైన రోజే అది పొగ వదిలి, రెండు సాళ్లు తిరిగి, ఎగిసిపడుతూ ఆగిపోతుంది.

అలాంటప్పుడు ఎక్కువమంది చేసే పని స్క్రూడ్రైవర్ తీసుకుని కార్బొరేటర్ మీద కనబడిన స్క్రూను తిప్పడం. దానివల్ల ఉన్న తప్పు సరికాదు, కొత్త తప్పు ఒకటి చేరుతుంది. పోయినేడాది బాగా నడిచిన ఇంజన్‌లో స్క్రూ దానంతట అది తిరగదు. మారినవి వేరే ఉన్నాయి: ట్యాంకులో మిగిలిపోయిన పెట్రోలు, ఫిల్టర్‌లో పేరుకున్న దుమ్ము, తడి తగిలిన ప్లగ్గు. ముందు చూడాల్సినవి ఈ మూడే.

పవర్ వీడర్, భుజానికి తగిలించుకుని గడ్డి కోసే మిషన్, వీపున మోసే తైవాన్ పంపు, హైదరాబాద్ మైదానాల్లో కూర్చుని నడిపే పచ్చిక కోత బండి, అమెరికాలో తెలుగువాళ్లు వారాంతాల్లో ఇంటి ముందు నడిపే గడ్డి మిషన్, ఇవన్నీ చూడటానికి ఒకదానికొకటి పోలికలేనివి. లోపలున్నది మాత్రం ఒకే తీరు ఇంజన్. ఎక్కువగా ఒకే సిలిండర్, ఒక కార్బొరేటర్, ఒక ప్లగ్గు, గాలి తగిలి చల్లబడే రెక్కలు. హోండా 1983లో తెచ్చిన జీఎక్స్ రకం నాలుగు స్ట్రోకుల ఇంజన్ ఇప్పటికీ ఎన్నో మిషన్లకు అచ్చుగా నిలుస్తోంది. కాబట్టి ఒకదాని జబ్బు పట్టుకోవడం వచ్చిన రైతుకు మిగతావి కొత్తగా అనిపించవు.

మొదట పెట్రోలు సంగతి. దేశంలో పెట్రోలులో ఇథనాల్ కలపడం 2003లో 5 శాతంతో మొదలైంది. 2022 జూన్‌కు 10 శాతానికి చేరింది. 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో 20 శాతం కలిపిన పెట్రోలును ప్రారంభించారు, ఇప్పుడు బంకుల్లో దొరికేది ఎక్కువగా అదే. చెరకు, మక్క పండించే రైతుకు దీనివల్ల ఒక మార్కెట్ తెరుచుకుంది, అది కాదనలేని మేలు. అయితే ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. దానిలో బరువు ప్రకారం మూడో వంతుకు పైగా ఆక్సిజనే ఉంటుంది. కొత్త కారులో కంప్యూటర్ ఆ తేడాను కనిపెట్టి పెట్రోలు పెంచుకుంటుంది. చిన్న మిషన్‌లోని కార్బొరేటర్‌కు అలాంటి తెలివి లేదు. జెట్ రంధ్రం ఎంత ఉందో అంతే పెట్రోలు వస్తుంది. అంచేత పాత ఇంజన్‌కు అందే మిశ్రమంలో గాలి పాలు పెరిగి, పెట్రోలు పాలు తగ్గినట్టవుతుంది. పాత రబ్బరు పైపులూ డయాఫ్రమ్‌లూ ఉబ్బడమో పగలడమో కూడా జరుగుతుంది.

దసరా ముందు చివరిసారి వాడి కొట్టంలో నిలబెట్టిన వీడర్ ట్యాంకులో ఆ పెట్రోలు ఎనిమిది తొమ్మిది నెలలు ఉంటే ఏమవుతుంది? తేలికైన భాగం ఆవిరైపోతుంది. మిగిలింది జిగురులా మారి కార్బొరేటర్ గిన్నె అడుగున, జెట్ లోపల అంటుకుంటుంది. తేమ ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుగుకు విడిపోతాయి. ఇంజన్‌కు మొదట అందేది ఆ అడుగు పొరే. పరీక్ష కష్టమేమీ కాదు. ట్యాంకు అడుగు నుంచి కొంచెం పెట్రోలు శుభ్రమైన గాజు సీసాలోకి దించి, కదపకుండా కాసేపు ఉంచాలి. అడుగున వేరే పొర గానీ నీటి బుడగలు గానీ కనిపిస్తే, ఘాటు వాసన బదులు వార్నిష్ వాసన వస్తే మొత్తం తీసేయాల్సిందే. పాతదానిలో కొత్తది కలిపి సర్దుకుపోదామనుకుంటే కొత్తది కూడా పాడవుతుంది.

ఇంజన్ మిస్సింగ్ కొడుతోందని చెప్పినంత మాత్రాన మెకానిక్‌కు కూడా ఏమీ తెలియదు. ఎప్పుడు కొడుతోందన్నదే అసలు ఆధారం.

బరువు లేకుండా నిలబెట్టినప్పుడు రేసు దానంతట అదే పెరిగి తగ్గి, ఉయ్యాలలా ఊగుతుంటే పెట్రోలు చాలడం లేదని అర్థం. చోక్ సగం మూసి చూడాలి. ఊగడం ఆగి ఇంజన్ నిలకడగా నడిస్తే అనుమానం తీరినట్టే. జెట్‌లో జిగురుంది, లేదా కార్బొరేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య గ్యాస్కెట్ దగ్గర గాలి చొరబడుతోంది. ముందు అక్కడి నట్లు బిగించి చూడాలి. తగ్గకపోతే పెట్రోలు కాక్ మూసి, గిన్నె కింది బోల్టు విప్పి, గిన్నె కడిగి, జెట్ తీసి ఎండకు ఎత్తి చూడాలి. రంధ్రంలోంచి వెలుతురు గుండ్రంగా కనబడాలి. ఇనుప తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదవుతుంది, ఆ తర్వాత ఇంజన్ ఎప్పటికీ పెట్రోలు ఎక్కువ తాగుతుంది. కార్బొరేటర్ క్లీనర్ కొట్టి, సైకిల్ పంపుతో గాలి ఊదితే చాలు. విప్పే ముందు ప్రతి దశలోనూ ఫోన్‌తో ఫోటో తీసుకుంటే బిగించేటప్పుడు ఒక్క స్ప్రింగు కూడా మిగలదు.

నల్ల పొగ, పెట్రోలు వాసన, పికప్ లేకపోవడం ఉంటే జబ్బు దీనికి తలకిందులు: గాలి చాలడం లేదు. ఎండాకాలం దుక్కుల దుమ్ము ఎయిర్ ఫిల్టర్‌లో గట్టిపడి ఉంటుంది. స్పాంజి రకమైతే సబ్బునీళ్లతో కడిగి, నీడన పూర్తిగా ఆరబెట్టి, రెండు చుక్కల ఇంజన్ ఆయిల్ పట్టించి పిండాలి. కాగితం ఫిల్టర్‌ను కడగకూడదు, మెల్లగా తట్టి దులపాలి, చిరిగితే మార్చాలి. 50 గంటలకొకసారి శుభ్రం చేయాలని తయారీదారుల పుస్తకాలు చెబుతాయి. దుమ్ము చేలో అంతకాలం ఆగకూడదు, పని రోజుల్లో పొద్దున్నే ఓసారి మూత తీసి చూడటం మేలు. ఫిల్టర్ తీసేసి నడిపితే ఇంజన్ ఆ పూట బాగానే పరిగెత్తుతుంది, కానీ సన్నటి రేగడి దుమ్ము లోపలికి పోయి పిస్టన్ రింగులను అరగదీస్తుంది. ఇలా పాడైన ఇంజన్‌కు చిన్న రిపేరు సరిపోదు.

అరగంట బాగా నడిచి, మెల్లగా నీరసించి ఆగిపోయి, కాసేపటికి మళ్లీ స్టార్టయ్యే రకం మరొకటుంది. అది ఆగిన క్షణంలోనే ట్యాంకు మూత వదులు చేయాలి. ‘ఉస్’మని గాలి పీల్చుకుని ఇంజన్ అందుకుంటే మూతలోని సన్నటి గాలి రంధ్రం మట్టితో మూసుకుపోయిందన్నమాట. పట్టించుకోక ఎందరో కార్బొరేటర్లు మార్పించే జబ్బు ఇదే. మూత వదులు చేసినా ఫలితం లేకపోతే, వేడిలో నిప్పురవ్వ పోతోందేమో చూడాలి. కాయిల్ వేడెక్కినప్పుడు మొరాయించి చల్లారాక పనిచేయడం దాని గుణం, దానికి మార్చడం తప్ప వేరే మందు లేదు.

ప్లగ్గు చూడటం అందరికీ తెలిసిందే, దాని రంగు చదవడం మాత్రం కొందరే చేస్తారు. మొన లేత గోధుమ రంగులో ఉంటే లోపల అంతా సవ్యంగా ఉంది. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ లేదా గాలి తక్కువ. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువై ఇంజన్ అతిగా వేడెక్కుతోంది, దాన్ని అలాగే నడపడం ప్రమాదం. నూనె తడి ఉంటే ఆయిల్ పైకి వస్తోంది. మొనల మధ్య ఖాళీ చాలా మిషన్లకు 0.6 నుంచి 0.8 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మిషన్‌తో ఇచ్చిన పుస్తకంలో ఎంతుంటే అంత పెట్టాలి. నిప్పురవ్వ చూడాలంటే ప్లగ్గు తీసి, టోపీ తగిలించి, రబ్బరు పట్టకారుతో పట్టుకుని దాని మరలను ఇంజన్ లోహానికి ఆనించి తాడు లాగాలి. దగ్గర్లో పెట్రోలు డబ్బా గానీ తడి గానీ ఉండకూడదు, ప్లగ్గు రంధ్రానికి దూరంగా పెట్టాలి. రవ్వ నీలంగా, గట్టిగా రావాలి.

వానాకాలంలోనే కనిపించే ఒక దొంగ జబ్బు కూడా ఉంది. ఇంజన్ ఆపే స్విచ్ నుంచి వచ్చే సన్నటి తీగ హ్యాండిల్ పైపుకు రాసుకుని తొడుగు పోగొట్టుకుంటుంది, లేదా కొట్టంలో ఎలుక కొరుకుతుంది. తడి తగిలినప్పుడల్లా అది ఇంజన్‌ను అరక్షణం ఆపినట్టే చేస్తుంది. చేలో కుదుపులకు మిస్సింగ్ వచ్చి, గట్టు మీద నిలబెడితే మాయమవుతుంటే ఆ తీగను ఆసాంతం వేలితో తడిమి చూడాలి, అదీ ఇంజన్ ఆపి, ప్లగ్గు టోపీ పీకాకనే.

నీలిపొగ వస్తోందంటే ఇంజన్ అరిగిపోయిందని బెంబేలు పడక్కర్లేదు. బ్లేడ్లకు చుట్టుకున్న గడ్డి తీయడానికి మిషన్‌ను పక్కకు వాల్చినప్పుడు ఎయిర్ ఫిల్టర్ కిందికి వస్తే ఆయిల్ అందులోకి దిగుతుంది. ఫిల్టర్ తుడిచి, ఆయిల్ మట్టం చూసి నడిపితే కొద్దిసేపట్లో పొగ తగ్గాలి. తగ్గకపోతే అప్పుడు రింగుల గురించి ఆలోచించాలి. కొత్త ఇంజన్‌కు మొదటి 20 గంటలకు, తర్వాత 100 గంటలకు లేదా ఆరు నెలలకు ఆయిల్ మార్చడం నాలుగు స్ట్రోకుల మిషన్లకు సాధారణ లెక్క. రెండు స్ట్రోకుల తైవాన్ పంపులకూ పాత గడ్డి మిషన్లకూ ఆయిల్ పెట్రోలులోనే కలపాలి. 50:1 అని రాసి ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 40:1 అయితే 25, 25:1 అయితే 40. కొలత లేకుండా అందాజుగా పోస్తే, ఎక్కువైనప్పుడు సైలెన్సర్‌లో మసి గడ్డకట్టి ఇంజన్ ఉక్కిరిబిక్కిరవుతుంది, తక్కువైనప్పుడు పిస్టన్ పట్టేస్తుంది.

డీజిల్ వీడర్ల లెక్క వేరు. వాటికి ప్లగ్గూ కార్బొరేటరూ ఉండవు. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడిపితే పైపులోకి గాలి చేరి ఇంజన్ తడబడుతుంది. డీజిల్ నింపి, పంపు దగ్గరి నట్టు వదులు చేసి, బుడగలు పోయి చుక్కలు నిండుగా వచ్చేదాకా గాలి తీసి బిగించాలి. నాజిల్, పంపు లోపలి పనులు మాత్రం సొంతంగా ముట్టుకోకూడదు.

ఇంజన్‌లో లోపమే లేకపోయినా మొరాయించే సందర్భం రేగడిలో తరచూ ఎదురవుతుంది. బురద ఆరకముందే వీడర్ దించితే మట్టి బ్లేడ్లకు ముద్దలా అంటుకుని ఇంజన్ మీద మోయలేని భారం పడుతుంది. పిడికెడు మట్టి నొక్కి వదిలితే పొడిగా విడిపోయే పదును వచ్చేదాకా ఆగాలి. లోతు తగ్గించి రెండుసార్లు తిరగడం ఒక్కసారి లోతుగా దున్నడం కన్నా మంచిది, పత్తి పక్క వేర్లు కూడా తెగకుండా ఉంటాయి.

ఇన్ని చూశాక కూడా బాగుపడకపోతే నారాయణఖేడ్‌కో పిట్లానికో మోసుకెళ్లాల్సిందే. అక్కడ మెకానిక్‌కు మిస్సింగ్ చల్లగా ఉన్నప్పుడు వస్తోందా వేడిలోనా, బరువు మీదా ఖాళీగానా, చోక్ మూస్తే ఏమైంది, ప్లగ్గు ఏ రంగులో ఉంది, పెట్రోలు ఎప్పుడు కొన్నది అనేవి చెబితే సగం పని తగ్గుతుంది, చాలా డబ్బు మిగులుతుంది. యంత్రాల వాడకం పద్ధతిగా నేర్చుకోవాలనుకునే యువరైతులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. మార్కెట్‌లోకి వచ్చే వ్యవసాయ యంత్రాలను పరీక్షించే సంస్థల్లో అదొకటి.

అసలు ఈ జబ్బులు చాలావరకు రాకుండా ఉండాలంటే పెట్రోలు రెండు మూడు వారాల పనికి సరిపడా మాత్రమే, మూత గట్టిగా పట్టే లోహపు డబ్బాలో తెచ్చుకోవాలి. వేడిగా ఉన్న ఇంజన్‌లో పోయకూడదు. తలుపులు మూసిన కొట్టంలో ఇంజన్ నడపకూడదు, ఆ పొగలో వాసన తెలియని విషవాయువు ఉంటుంది. పత్తి కమ్ముకుని వీడర్ పని అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్‌లో మిగిలింది అయిపోయి ఇంజన్ దానంతట అది ఆగేదాకా నడపాలి. ప్లగ్గు తీసి చెంచాడు ఇంజన్ ఆయిల్ సిలిండర్‌లో పోసి, తాడు రెండు మూడుసార్లు మెల్లగా లాగి, ప్లగ్గు బిగించాలి. సైలెన్సర్ నోటికి గుడ్డ కట్టి, కందిరీగలు గూడు పెట్టకుండా చూసుకుని, ఎలుకలు చేరని చోట నిలబెట్టాలి.