ఇంజనుకు ఊదుగొట్టం

నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలో ఉంది. అక్కడి నుండి చింతపల్లి వెళ్లాలంటే లంబసింగి ఘాట్ రోడ్డు ఎక్కాలి.

నర్సీపట్నంలో భార్యాభర్తలు ఇద్దరు అప్పు చేసి పాత జీపు కొన్నారు. జీపు తిరిగితేనే ఇల్లు గడుస్తుంది. నెలనెలా వాయిదా కట్టాలి. ఒకరోజు జీపు ఘాట్ ఎక్కలేకపోయింది. నీలం పొగ కక్కింది. షెడ్డుకు తెచ్చారు.

"టర్బో పోయిందమ్మా" అన్నాడు మేస్త్రి.

"టర్బో అంటే ఏటి బాబూ?" అని అడిగింది ఆమె.

మేస్త్రి బానెట్టు ఎత్తాడు. ఇంజను పక్కనే పొగ గొట్టం మొదలవుతుంది. అక్కడ నత్తగుల్లల్లాంటి రెండు డిబ్బీలు కలిపి ఉన్నాయి.

"ఇదే టర్బో. పొయ్యి సరిగా మండకపోతే ఏం చేస్తావమ్మా?"

"ఊదుగొట్టంతో ఊదుతాను. గాలి తగిలితే మంట లేస్తాది."

"ఇంజను లోపలా మంటే. గాలి ఎక్కువ అందితే ఎక్కువ డీజిలు మండుతుంది. బండికి బలం వస్తుంది. కొండ మీద గాలి పలచన. లంబసింగి సుమారు 1000 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి దాదాపు పదో వంతు తక్కువ. అందుకే ఊదుగొట్టం కావాలి."

"మరి ఊదేది ఎవరు?"

"పొగే! టర్బోలో ఒకే కడ్డీకి రెండు చక్రాలు ఉంటాయి. బయటికి పోయే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. దాంతో రెండోది తిరుగుతుంది. అది మంచి గాలిని లాగి ఇంజనులోకి నెడుతుంది. పొగ, గాలి కలవవు. నిమిషానికి లక్ష చుట్లు కూడా తిరుగుతాయి. ఆ కడ్డీకి ఇంజను ఆయిలే ప్రాణం."

"మరెందుకు పాడైంది?"

"ఘాట్ ఎక్కగానే ఇంజను ఆపేస్తున్నారా?"

భర్త తల దించుకున్నాడు. "డీజిలు మిగులుతుందని ఆపేస్తాను" అన్నాడు.

"అదే తప్పు. ఇంజను ఆగితే ఆయిలు రావడం ఆగుతుంది. చక్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. బాగా కాలి ఉంటుంది. లోపలి ఆయిలు మాడి గట్టిపడుతుంది. కడ్డీ అరుగుతుంది."

బాగుచేయడానికి రెండు నెలల వాయిదా డబ్బు అయింది. ఆమె సంచిలోంచి నోటుపుస్తకం తీసింది. "ఏటేటి చెయ్యాలో చెప్పు బాబూ. రాసుకుంటాను" అంది. కూడబలుక్కుంటూ రాసింది.

1. ఘాట్ ఎక్కాక ఒకటి రెండు నిమిషాలు ఆగి, ఇంజను ఆపాలి.
2. ఆయిలు వేళకు మార్చాలి.
3. గాలి జల్లెడ శుభ్రంగా ఉంచాలి.
4. వేడి టర్బోను ముట్టుకోకూడదు.

ఆ కాగితం జీపులో అంటించింది. ఇప్పుడు వారం వారం మీటరు అంకెలు తనే చదువుతుంది. "మావా, ఆయిలు మార్చే వేళైంది" అని తనే గుర్తు చేస్తుంది.

మీకు తెలుసా?
స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూఖి ఈ పద్ధతిని 1905లో తన పేరిట నమోదు చేయించాడు.

జవాబులు చెప్పండి
1. టర్బో ఎక్కడ ఉంటుంది?
2. దాన్ని ఏది తిప్పుతుంది?
3. మీ ఇంట్లో ఏ వస్తువు గురించి ఇలా రాసి పెట్టుకోవాలి? రాయండి.