గేమింగ్ మౌస్ కొనుగోలు: సిద్ధగోరా వినియోగదారుడికి చట్టం ఇచ్చిన హక్కులు

గేమింగ్ మౌస్ పెట్టె మీద కొట్టొచ్చినట్టు కనిపించేవి అంకెలు. 16000 డీపీఐ, 1000 హెర్ట్జ్, 5 కోట్ల క్లిక్కుల మన్నిక. కొనేవారు వీటిని ప్రచారంగా తీసుకుని వదిలేస్తారు. చట్టం మాత్రం అలా వదిలెయ్యదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(10) 'లోపం' అంటే ఏమిటో చెబుతుంది. చట్టప్రకారమో, ఒప్పందం ప్రకారమో, వ్యాపారి ఏ రూపంలోనైనా తానుగా చెప్పుకున్న దాని ప్రకారమో ఉండాల్సిన నాణ్యత, ప్రమాణం వస్తువులో లేకపోతే అది లోపమే. అంటే పెట్టె మీది అంకె, వెబ్‌సైటులో రాసిన వాక్యం, దుకాణదారు నోటిమాట అన్నీ వ్యాపారిని కట్టిపడేసేవే. కాబట్టి మౌస్ ఎంచుకోవడం, ఇంటికి తెచ్చి కంప్యూటరుకు బిగించుకోవడం కూడా హక్కులకు సంబంధించిన పనులే.

ముందు ఆ అంకెల అర్థం తెలియాలి. మౌస్ ఒక అంగుళం కదిలితే సెన్సర్ ఎన్ని చుక్కలు లెక్కిస్తుందో చెప్పేది డీపీఐ. ఆటగాళ్లలో చాలామంది 400 నుంచి 1600 మధ్యే వాడుకుంటారు కాబట్టి పాతిక వేల డీపీఐ కోసం అదనంగా డబ్బు పెట్టడం దండగ. చౌకరకం మౌసుల్లో సెన్సర్ అసలు సామర్థ్యం తక్కువగా ఉండి, లెక్కను కృత్రిమంగా పెంచి పెద్ద అంకె చూపించే పద్ధతి కూడా ఉంది. పోలింగ్ రేటు అంటే మౌస్ తన స్థానాన్ని కంప్యూటరుకు సెకనుకు ఎన్నిసార్లు తెలియజేస్తుందన్న లెక్క. 125 హెర్ట్జ్ అయితే 8 మిల్లీసెకన్లకోసారి, 1000 హెర్ట్జ్ అయితే మిల్లీసెకనుకోసారి. కొన్ని మోడళ్లలో 4000, 8000 హెర్ట్జ్ వేగం రావాలంటే విడిగా అమ్మే డాంగిల్ (కంప్యూటరుకు పెట్టే వైర్‌లెస్ రిసీవర్) కొనాలి. ఆ షరతు చిన్న అక్షరాల్లో ఎక్కడో ఉంటుంది. తప్పుదోవ పట్టించే ప్రకటనల నివారణకు 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం ప్రకటనలోని ప్రధాన వాగ్దానాన్ని అడుగున రాసిన షరతు కాదనకూడదు, ముఖ్యమైన సమాచారాన్ని దాచకూడదు. ఇలాంటి ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల రూపాయల వరకూ, మళ్లీ అదే తప్పు చేస్తే 50 లక్షల వరకూ జరిమానా వేయగలదు.

అంకెలకన్నా ముఖ్యమైనది చేతికి ఒదగడం. సరిగ్గా ఇక్కడే చట్టం సాయం తక్కువ. అరచెయ్యంతా ఆనించి పట్టేవారికి పెద్ద మౌస్, వేళ్ల కొసలతో నడిపేవారికి తేలికైన చిన్న మౌస్, ఎడమచేతి వాటంవారికి రెండువైపులా ఒకే తీరుగా ఉన్నది కావాలి. కొన్నాక నచ్చలేదని వాపసు ఇచ్చే సాధారణ హక్కు భారతీయ చట్టంలో లేదు. అమ్మకందారు తానుగా ప్రకటించిన వాపసు గడువు ఉంటేనే, ఆ షరతుల మేరకే అది సాధ్యం. లోపం ఉండటం వేరు, నచ్చకపోవడం వేరు. అందుకే జంషెడ్‌పూర్‌లోని సిద్ధగోరా, బారీడీహ్, అగ్రికో ప్రాంతాల వారు ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టే ముందు సాక్చిలోనో బిష్టుపూర్‌లోనో దుకాణంలో ఆ పరిమాణపు మౌస్ ఒకసారి పట్టుకుని చూడటం మేలు. వారంటీ సర్వీసు కేంద్రం జంషెడ్‌పూర్‌లోనే ఉందా, వేరే నగరానికి కొరియరులో పంపాలా, ఆ ఖర్చు ఎవరిది అన్నవి కూడా డబ్బు కట్టకముందే అడగాల్సిన ప్రశ్నలు.

పెట్టె చేతికి వచ్చాక మొదట చూడాల్సింది దాని వెనుక అంటించిన తెల్ల స్టిక్కరు. ప్యాకేజ్డ్ సరుకుల నిబంధనలు, 2011 ప్రకారం దిగుమతి వస్తువు మీద దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదులకు ఫోను నంబరు, ఈమెయిలు ఉండి తీరాలి. ఆ స్టిక్కరే లేకపోతే సరుకు అధికారిక మార్గంలో రాలేదని అనుమానించాలి. ధర రెండు మూడొందలు తగ్గిందని అలాంటిది కొంటే, చెడిపోయినప్పుడు భారతదేశంలోని కంపెనీ శాఖ ఆ సీరియల్ నంబరు మాది కాదని చేతులు దులుపుకుంటుంది. అప్పుడు బాధ్యత అమ్మిన దుకాణానిదే అవుతుంది. ఆ దుకాణాన్ని పట్టుకోవాలంటే బిల్లు ఉండాలి. బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టంలోని సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అని బిల్లు మీద ముద్ర వేసినంత మాత్రాన లోపమున్న సరుకు విషయంలో దుకాణదారు తప్పించుకోలేడు. బిల్లులో గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా లోపమున్న సరుకు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడాన్ని కూడా అదే సెక్షన్ తప్పుగా లెక్కగడుతుంది.

ఆన్‌లైన్ కొనుగోలుకు 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు వర్తిస్తాయి. సరుకు లోపంతో వచ్చినా, నకిలీదైనా, ప్రకటించిన లక్షణాలు లేకపోయినా విక్రేత వాపసును కాదనకూడదు. సైటు ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. విక్రేత ఎవరో, ఎక్కడివాడో సైటు చూపించాలి. కొన్నవారు లిఖితపూర్వకంగా అడిగితే వివాద పరిష్కారం కోసం విక్రేత వివరాలు ఇవ్వాలి. అడగకుండానే అదనపు వారంటీని బుట్టలో చేర్చి బిల్లు పెంచడం 2023 నవంబరు 30 నాటి డార్క్ ప్యాటర్న్‌ల మార్గదర్శకాల కింద నిషిద్ధం.

బిగించుకోవడం దగ్గరికి వస్తే, మొదటి వారం రోజులు ఎంతో విలువైనవి. పెట్టె విప్పేటప్పుడు సీలు, సీరియల్ నంబరు కనిపించేలా ఫోనులో వీడియో తీసుకోవాలి. వైర్‌లెస్ మౌస్ అయితే డాంగిల్‌ను కంప్యూటరు వెనుక కాకుండా మౌస్‌కు దగ్గరగా ఉంచాలి. యూఎస్‌బీ 3.0 పరికరాల పక్కన పెడితే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కు అంతరాయం కలిగి బాణం గుర్తు తడబడుతుంది, అది మౌస్ లోపం కాదు. విండోస్‌లో పాయింటర్ ప్రెసిషన్ పెంచే ఎంపికను తీసేయాలి. కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను దాని అధికారిక సైటు నుంచే దించుకుని, డీపీఐ 800, పోలింగ్ రేటు 1000 వంటి సాధారణ విలువలు పెట్టి చూడాలి. ప్రకటించిన వేగం ఆ సాఫ్ట్‌వేర్‌లో అసలు కనిపించకపోతే ఆ తెరను తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసి దాచాలి.

గేమింగ్ మౌసుల్లో తరచూ వినిపించే ఫిర్యాదు డబుల్ క్లిక్. ఎడమ మీట ఒక్కసారి నొక్కితే కంప్యూటరు రెండు నొక్కులుగా తీసుకుంటుంది. ఫైలును లాగుతుంటే మధ్యలోనే జారిపోతుంది, ఆటలో తుపాకి ఒకసారికి బదులు రెండుసార్లు పేలుతుంది. ఈ లోపం పది నొక్కుల్లో ఒకసారి వచ్చి తొమ్మిదిసార్లు దాక్కుంటుంది. సర్వీసు కేంద్రంలో సరిగా పనిచేసి, ఇంటికి తెచ్చాక మళ్లీ మొదలవుతుంది. అందుకే వేలు, తెర మీది క్లిక్ లెక్క రెండూ ఒకే చిత్రంలో పడేలా వీడియో తీయడం అవసరం. వేరే యూఎస్‌బీ రంధ్రంలో, వేరే కంప్యూటరులో కూడా అదే తప్పు చూపిస్తే కంప్యూటరులోనే దోషం ఉందన్న వాదనకు చోటుండదు. ఇలాంటి సందర్భాల్లో ఫిర్యాదును విచారించే వినియోగదారుల కమిషన్ అవసరమనుకుంటే సెక్షన్ 38 కింద వస్తువుకు సీలు వేసి ప్రయోగశాలకు పంపగలదు. ఆ ఖర్చు ముందు ఫిర్యాదుదారే జమ చేయాల్సి రావచ్చు. స్పష్టమైన వీడియో ఆ శ్రమను చాలావరకు తగ్గిస్తుంది.

కంపెనీ మొండికేస్తే మొదటి మెట్టు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, 1915. అది తీర్పు ఇవ్వదు, కంపెనీతో మాట్లాడి రాజీ కుదురుస్తుంది. ఇంత చిన్న మొత్తాలకు అదే తొందరైన దారి. నకిలీ సైటు డబ్బు కాజేసి అసలు సరుకే పంపకపోతే అది మోసం. అప్పుడు వెంటనే సైబర్ నేరాల నంబరు 1930కి చెప్పాలి. ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

హెల్ప్‌లైన్‌తో తేలకపోతే మిగిలేది జిల్లా వినియోగదారుల కమిషన్. సిద్ధగోరా వారికి అది జంషెడ్‌పూర్‌లోని తూర్పు సింగ్‌భూమ్ జిల్లా కమిషన్. పాత చట్టంలో సాధారణంగా ఎదుటి పక్షం ఉన్న ఊరికో, వివాదం పుట్టిన ఊరికో వెళ్లాల్సి వచ్చేది. కొత్త చట్టంలోని సెక్షన్ 34 ఫిర్యాదుదారు నివసించే లేదా పనిచేసే చోట కేసు వేయవచ్చని చెప్పింది. ఈ చట్టంలో సామాన్యుడికి అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసిన మార్పు ఇదే. విక్రేత బెంగళూరులో ఉన్నా, వివాదాలన్నీ తమ నగరపు కోర్టుల్లోనే అని సైటు షరతుల్లో రాసుకున్నా ఈ హక్కు పోదు. మధ్యవర్తిత్వ షరతు కూడా అడ్డు రాదని ఎమార్ ఎంజీఎఫ్ ల్యాండ్, ఆఫ్తాబ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2018లో తేల్చింది.

ఉక్కు కర్మాగారం ఉద్యోగాలతో జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇంకో సందర్భం తరచూ ఎదురయ్యేదే. సెలవులకు వెళ్లినప్పుడు సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో బాబాయి బిల్లు మీద మౌస్ కొనిపించుకుని వస్తారు, సిద్ధగోరాలో అబ్బాయి వాడతాడు. కొన్నది ఒకరు, వాడేది మరొకరు అయినా ఇబ్బంది లేదు. కొన్నవారి అనుమతితో వాడేవారు కూడా సెక్షన్ 2(7) ప్రకారం వినియోగదారులే. వాడేది పద్దెనిమిదేళ్లలోపు పిల్లవాడైతే తల్లిదండ్రులు ఫిర్యాదు వేయవచ్చు. ఆ బిల్లు అసలు ప్రతి మాత్రం సిద్ధగోరాకు రావాలి. తిరిగి అమ్మడానికో, వ్యాపార అవసరానికో కొన్నవారికి ఈ చట్టం వర్తించదు. పూర్తిగా స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొన్న వస్తువును మాత్రం చట్టం వ్యాపారంగా లెక్కించదు. సొంతంగా చిన్న గేమింగ్ సెంటరు నడుపుకునేవారు ఈ మినహాయింపును ఆధారం చేసుకోవచ్చు.

ఫిర్యాదు లోపం బయటపడిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. చెల్లించిన ధర 5 లక్షల లోపు అయితే కమిషన్ ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, వకీలు లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. ఫిర్యాదు పత్రం హిందీలోనో ఇంగ్లీషులోనో రాయడం ఇక్కడ సౌకర్యం. తెలుగులో నడిచిన సందేశాలను జత చేస్తే అనువాదం కూడా పెట్టాలి. ఎదుటి పక్షానికి జవాబు ఇవ్వడానికి 30 రోజులు, పొడిగిస్తే మరో 15 రోజులు గడువు ఉంటుంది. అంతకు మించి పొడిగించే అధికారం కమిషన్‌కు లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో చెప్పింది.

వకీలు కావాలనుకునేవారికి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం, 1987 దారి చూపిస్తుంది. మహిళలు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారితో పాటు పారిశ్రామిక కార్మికులకు కూడా సెక్షన్ 12 ఉచిత న్యాయసహాయం ఇస్తుంది. కార్మికుల నగరంలో ఈ సంగతి తెలియనివారే ఎక్కువ. 15100కి ఫోను చేస్తే జిల్లా న్యాయసేవల సంస్థ వివరాలు దొరుకుతాయి.

లోపం రుజువైతే కమిషన్ మరమ్మతు చేయమని, కొత్త మౌస్ ఇమ్మని, డబ్బు వాపసు చేయమని, నష్టపరిహారం, ఖర్చులు చెల్లించమని ఆదేశించవచ్చు. కంపెనీ రాంచీలోని రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు వెళ్లాలంటే 45 రోజుల్లోగా వెళ్లాలి, కట్టాల్సిన మొత్తంలో సగం ముందు జమ చేయాలి. ఆదేశాన్ని పాటించకుండా కూర్చుంటే వినియోగదారుల రక్షణ చట్టంలోని సెక్షన్ 72 కింద నెల నుంచి మూడేళ్ల వరకూ జైలు, లేదా 25 వేల నుంచి లక్ష రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ పడవచ్చు.