జీవకణం - జీవనవ్యాపారం

పాఠ్యాంశ పరిచయం

సకల ప్రాణికోటికి ఆధారమైన కణం ఎలా ఉంటుంది, అది ఏయే పనులు చేస్తుంది, ఆ పనులలో ఒక్కటి కుంటుపడినా ప్రాణికి ఏమవుతుంది అనే విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది. కణ రహస్యాలను ఛేదించి మానవాళికి మహోపకారం చేసిన తెలుగు శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు కృషిని కూడా ఇది పరిచయం చేస్తుంది.

పాఠం

ఒక మర్రిచెట్టునూ, దాని కొమ్మపై వాలిన చిలుకనూ, ఆ నీడలో విశ్రమించిన బాటసారినీ చూసినప్పుడు వాటి మధ్య గల భేదాలే ముందుగా మన కంటికి కనిపిస్తాయి. చెట్టు ఉన్నచోటే ఉంటుంది. చిలుక ఎగురుతుంది. బాటసారి ఆలోచిస్తాడు. కాని నిశితంగా పరిశీలిస్తే ఈ మూడూ ఒకే తీరు ఇటుకలతో కట్టిన మూడు సౌధాలని తెలుస్తుంది. ఆ ఇటుకే జీవకణం. అయితే ఇటుకకూ కణానికీ ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. గోడలో చేరిన ఇటుకకు ఇక పని లేదు. కణం మాత్రం బతికినంతకాలం పని చేస్తూనే ఉంటుంది. పని ఆగితే దాని బతుకు కూడా ఆగిపోతుంది. జీవమంటే ఏమిటన్న ప్రశ్నకు సమాధానం ఈ ఎడతెగని పనిలోనే ఉన్నది.

కణాన్ని మానవుడు చూడగలగడానికి సూక్ష్మదర్శిని కావలసివచ్చింది. ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ హుక్ పలుచని బెండు ముక్కను సూక్ష్మదర్శిని కింద ఉంచి, అందులో తేనెపట్టు గదుల వంటి చిన్న చిన్న అరలను చూశాడు. 1665లో ప్రకటించిన గ్రంథంలో వాటికి 'సెల్' అని పేరు పెట్టాడు. ఆయన చూసినవి మృతకణాల గోడలు మాత్రమే. హాలండు దేశపు బట్టల వర్తకుడు లీవెన్‌హుక్ తాను స్వయంగా సానపట్టిన కటకాలతో నీటిబొట్టులో చలించే సజీవ సూక్ష్మప్రాణులను దర్శించాడు. 1831లో రాబర్ట్ బ్రౌన్ కేంద్రకానికి ఆ పేరు పెట్టాడు. వృక్షాలన్నీ కణనిర్మితాలని 1838లో ష్లైడన్, జంతువులు కూడా అటువంటివేనని 1839లో ష్వాన్ ప్రతిపాదించారు. పూర్వం ఉన్న కణం నుంచే కొత్త కణం పుడుతుందని 1855లో విర్కో చాటాడు. ఒక దీపం నుంచి మరొక దీపం వెలిగినట్లు, ఈనాటి ప్రతి కణమూ వెనుకటి కణం నుంచి జీవజ్యోతిని అందుకొన్నదే.

కణాన్ని చక్కని పాలన గల ఒక చిన్న నగరంతో పోల్చవచ్చు. దాని చుట్టూ కణత్వచం అనే పలుచని పొర ఉంటుంది. అది కోటగోడ వంటిదే కాక ద్వారపాలకుని వంటిది కూడా. ఏది లోపలికి రావాలో, ఏది వెలుపలికి పోవాలో నిర్ణయించేది అదే. లోపల కణద్రవ్యం నిండి ఉంటుంది. నడుమ కేంద్రకం ఉంటుంది. అందులోని డి.ఎన్.ఏ. అనే దారంలో ఆ జీవి నిర్మాణానికి కావలసిన ఆదేశాలన్నీ లిఖితమై ఉంటాయి. కంటికి కనిపించని ఒక్క మానవకణంలోని డి.ఎన్.ఏ.ను సాగదీస్తే సుమారు 2 మీటర్ల పొడవు ఉంటుంది. కేంద్రకం ఆదేశాలను అనుసరించి రైబోజోములు మాంసకృత్తులను తయారుచేస్తాయి. లైసోజోములు పనికిరాని పదార్థాలను విచ్ఛిన్నం చేస్తాయి. మైటోకాండ్రియాలు శక్తిని సమకూరుస్తాయి. వృక్షకణాలలో వీటికి తోడు దృఢమైన కణకవచమూ, సూర్యకాంతితో ఆహారం వండే హరితరేణువులూ ఉంటాయి.

పోషణ, శ్వాసక్రియ, విసర్జన, చలనం, స్పందన, పెరుగుదల, ప్రత్యుత్పత్తి అనేవి జీవుల లక్షణాలని విద్యార్థులు చదువుకొనే ఉంటారు. ఇవన్నీ ఏనుగులో ఎంత నిజమో, ఒకే ఒక కణంతో జీవించే అమీబాలో కూడా అంతే నిజం. మానవశరీరంలో సుమారు 37 లక్షల కోట్ల కణాలు ఉంటాయని శాస్త్రవేత్తల అంచనా. మనం తిన్నామంటే ఆ కణాలు తిన్నట్లు. మనం ఊపిరి పీల్చామంటే వాటికి ఊపిరి అందినట్లు. ముక్కుతో గాలి పీల్చడం శ్వాసక్రియకు ప్రారంభం మాత్రమే. అసలైన శ్వాసక్రియ జరిగేది కణంలో. ఆక్సిజన్ అందినప్పుడు ఒక గ్లూకోజ్ అణువు నుంచి కణం సుమారు 30 ఏ.టి.పి. అణువులను తయారుచేసుకొంటుంది. ఆక్సిజన్ అందకపోతే దక్కేవి రెండే. కొద్ది నిమిషాలు ఊపిరి ఆడకపోతే మెదడు కణాలు మరణించడానికి కారణం ఈ శక్తి దారిద్ర్యమే.

ఏ.టి.పి. అంటే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. బజారులో ప్రతి కొనుగోలుకూ రూకలు చెల్లించినట్లు, కణం తాను చేసే ప్రతి పనికీ ఏ.టి.పి.ని వెచ్చిస్తుంది. కండరం ముడుచుకోవాలన్నా, నాడి సందేశం పంపాలన్నా, కొత్త మాంసకృత్తు తయారుకావాలన్నా ఈ నాణెమే చెల్లాలి. ఏ క్షణంలో చూసినా మన దేహంలో ఉండే ఏ.టి.పి. పావుకిలోకు మించదు. కాని ఒక్క రోజులో తయారై, ఖర్చై, తిరిగి తయారయ్యే ఏ.టి.పి. మొత్తం దాదాపు మన శరీరమంత బరువు తూగుతుంది. కణం ధనాన్ని పాతిపెట్టుకొనే లోభి వంటిది కాదు. ఏ పూటకాపూట సంపాదించి ఖర్చుచేసే కష్టజీవి వంటిది.

ఈ శక్తి రహస్యాన్ని వెలికితీసినవారిలో మన తెలుగువాడు ఎల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. ఆయన సోదరులిద్దరిని స్ప్రూ అనే వ్యాధి బలిగొన్నది. తిన్న ఆహారం ఒంటికి పట్టక, రక్తం క్షీణించి మనిషి కృశించిపోయే వ్యాధి అది. మద్రాసులో వైద్యవిద్య పూర్తిచేసిన సుబ్బారావు 1920లలో అమెరికా వెళ్ళారు. రాత్రివేళ ఆసుపత్రిలో చిన్న కొలువు చేస్తూ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన సాగించారు. సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలోనూ, మూత్రంలోనూ భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ కొలత పద్ధతే తరువాతి ఆవిష్కరణలకు తాళంచెవి అయింది. కండరాలలో శక్తిని నిలువచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోనూ, ఏ.టి.పి.ని 1929లోనూ వారు కనుగొన్నారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా ఏ.టి.పి.ని గుర్తించాడు.

కణానికి శక్తి ఒక్కటే చాలదు. అది తన వంటి మరొక కణాన్ని సృష్టించాలి కూడా. రెండుగా చీలడానికి ముందు కణం తన డి.ఎన్.ఏ.కు నకలు తీసుకొంటుంది. ఆ నకలు తయారుకావడానికి ఫోలిక్ ఆమ్లమనే విటమిను తప్పనిసరి. మన ఎముకల మజ్జ సెకనుకు 20 లక్షలకు పైగా ఎర్ర రక్తకణాలను తయారుచేస్తుంది. ఒక్కొక్క ఎర్రకణం ఆయుర్దాయం సుమారు 120 రోజులు. ఇంత వేగంగా విభజన సాగేచోట ఫోలిక్ ఆమ్లం కొరవడితే కణాలు ఉబ్బి పెద్దవవుతాయి గాని సక్రమంగా చీలలేవు. అందువల్ల రక్తహీనత ఏర్పడుతుంది. బొంబాయిలో బట్టల మిల్లులలో పనిచేసే పేద గర్భిణులలో ఈ రకమైన రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్ అనే వైద్యురాలు, ఈస్టు సారం ఇస్తే అది నయమవుతుందని 1931లో ప్రకటించింది. ఆ సారంలోని గుణకారి ఫోలిక్ ఆమ్లమేనని తరువాత తేలింది. పాలకూర ఆకుల నుంచి దానిని వేరుచేసిన శాస్త్రవేత్తలు 1941లో ఆకు అనే అర్థం గల లాటిన్ పదం నుంచి ఆ పేరు పెట్టారు.

1940లో లెడర్లీ పరిశోధనాలయంలో చేరిన సుబ్బారావు నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసి, 1945లో ఆ సంగతిని వెల్లడించింది. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి చికిత్సలో ఉపకరించే ఔషధం ఆయన పరిశోధనాలయంలోనే రూపొందింది. పోయినవారు తిరిగిరారు, కాని ఆ బాధ ఇతరులకు తప్పే మార్గం ఏర్పడింది.

ఒకే విభజన హద్దులో ఉంటే పెరుగుదల, హద్దు మీరితే వినాశం. గాయం మానే సమయంలో అంచులలోని కణాలు చీలుతూ ఖాళీని పూడుస్తాయి. పూడిన వెంటనే ఆగిపోతాయి. ఈ సంయమనాన్ని కోల్పోయిన కణమే క్యాన్సర్ కణం. అది పొరుగు కణాల అవసరాన్ని పట్టించుకోక తానొక్కటే పెరిగిపోతూ, చివరకు తనకు ఆశ్రయమిచ్చిన దేహాన్నే కూల్చివేస్తుంది. ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్‌తో బాధపడే పిల్లలకు ఫోలిక్ ఆమ్ల సంబంధ పదార్థాలు ఇచ్చినప్పుడు వ్యాధి మరింత ముదురుతున్నట్లు బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ గమనించాడు. ఫోలిక్ ఆమ్లం వ్యాధికణాలకు కూడా ఆహారమే అయితే, దానిని అవి వినియోగించుకోకుండా అడ్డుకోవడమే చికిత్స కాదా అని ఆలోచించాడు. సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన అమైనోప్టెరిన్‌ను తయారుచేసి అందించింది. తాళంలో దూరి తిరగక ఇరుక్కుపోయే మారు తాళంచెవి వలె, అది కణంలో ప్రవేశించి డి.ఎన్.ఏ. నకలును ఆపివేస్తుంది. 1948లో ప్రకటించిన ఫలితాలలో, చికిత్స పొందిన 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి తగ్గుముఖం పట్టింది. ఆ ఉపశమనం తాత్కాలికమే. అయినా అంతవరకు మృత్యువు తప్ప మరొక దారి కనిపించని చోట అది తొలి వెలుగురేఖ. దాని తోబుట్టువు వంటి మెథోట్రెక్సేట్ నేటికీ వైద్యంలో వాడుకలో ఉన్నది. ఇతర మందులతో కలిపి సరైన చికిత్స అందినచోట నేడు ఈ వ్యాధి బారినపడిన పిల్లలలో అత్యధికులు కోలుకొంటున్నారు. సుబ్బారావు మాత్రం 1948 ఆగస్టులోనే న్యూయార్క్‌లో కన్నుమూశారు.

ఈ విజ్ఞానం ప్రయోగశాలకు పరిమితమైనది కాదు. మన ఇంటి వంటగదికి సంబంధించినది. గర్భస్థ శిశువు మెదడు, వెన్నుపాము రూపుదిద్దుకొనే నాడీనాళం గర్భధారణ తరువాత నాలుగు వారాలలోపే మూసుకొంటుంది. ఆనాటికి చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమన్న సంగతే తెలియదు. ఆ దశలో ఫోలిక్ ఆమ్లం కొరవడితే శిశువు వెన్నుపూసలో శాశ్వత లోపం ఏర్పడే ప్రమాదం ఉన్నది. అందుచేతనే గర్భధారణకు ముందునుంచే ఈ విటమిను అందాలని వైద్యులు హెచ్చరిస్తారు. ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమాలలో కౌమార బాలబాలికలకూ, గర్భిణులకూ ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్రలు ఇవ్వడంలోని పరమార్థం విభజన చెందే కణాలకు కావలసిన సరుకు అందించడమే. ఆకుకూరలను, పప్పుధాన్యాలను చులకన చేయడమంటే మన కణాల నోటిదగ్గరి కూడు తీసివేయడమే.

కణం చిన్నది. కాని దాని అవసరం తీరనప్పుడు ఎంతటి దేహమైనా నిలువదు. అది తనకు కావలసినది గ్రహిస్తుంది, అక్కరలేనిది విసర్జిస్తుంది, పొరుగు కణంతో సహకరిస్తుంది, హద్దు తెలిసి పెరుగుతుంది, కాలం తీరినప్పుడు కొత్త కణానికి చోటిచ్చి తప్పుకొంటుంది. ఈ క్రమాన్ని తెలుసుకొని కాపాడుకోవడమే ఆరోగ్యం. దానిని ఇంకా లోతుగా శోధించి, ఇప్పటికీ లొంగని వ్యాధులకు మందు కనుగొనవలసిన బాధ్యత నేటి విద్యార్థులదే.

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. కణ నిర్మాణాన్నీ, అందులో జరిగే జీవనవ్యాపారాలనూ వివరించండి.
2. ఎల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలు మానవాళికి ఎట్లా ఉపకరించాయి?

సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. కణాన్ని కష్టజీవితో రచయిత ఎందుకు పోల్చాడు?
2. ఫోలిక్ ఆమ్లం కొరవడితే రక్తహీనత ఎందుకు కలుగుతుంది?
3. క్యాన్సర్ కణానికీ, ఆరోగ్యకరమైన కణానికీ గల భేదమేమి?

కింది పదాలను విడదీసి, సంధుల పేర్లు రాయండి.
మహోపకారం, ప్రత్యుత్పత్తి, పరిశోధనాలయం, విద్యార్థి